నాలుగేళ్లుగా కొట్టు కాగితాలన్నీ స్కాన్ చేసి దాస్తున్నాం, వాడాక తెలిసింది ఇదీ

మాది విజయవాడలో బోరు మోటార్లు, పీవీసీ పైపుల హోల్‌సేల్ వ్యాపారం. కొట్టు గవర్నరుపేటలో, గోడౌన్ సింగ్‌నగర్ వైపు. 2021 జూన్ నుంచి మాకొచ్చే ప్రతి కాగితాన్నీ స్కాన్ చేసి కంప్యూటర్లో పెట్టుకుంటున్నాం. తోటి వ్యాపారులు చాలామంది అడుగుతున్నారు ఇది ఎంతవరకు పనికొస్తది అని, అందుకే ఉన్నది ఉన్నట్టు రాస్తున్నా.

మేం వాడేది పేపర్‌లెస్ ఎన్‌జీఎక్స్ అనే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్, డబ్బులు కట్టక్కర్లేదు. మా అక్క కొడుకు ఇన్‌స్టాల్ చేసిచ్చాడు. డాకర్ (ఇలాంటి సాఫ్ట్‌వేర్‌ని కంప్యూటర్లో నడిపించే సాధనం) లాంటివి తెలిసినవాళ్లు ఇంట్లోనో ఆఫీసులోనో ఒక్కళ్లు లేకపోతే మాత్రం దీని జోలికి పోకండి, నెలకింత అని కట్టి క్లౌడ్‌ది ఏదైనా తీసుకోవడమే నయం. స్కానర్ దగ్గర పీనాసితనం వద్దు, ఒక్కో కాగితం మూత తీసి పెట్టేది కాకుండా, కట్ట పెడితే తనే లాక్కుని రెండు వైపులా తీసేది కొనండి. స్కాన్ స్పష్టత 300 డీపీఐలో (అంగుళానికి 300 చుక్కలు) పెట్టాం, అంతకన్నా తగ్గిస్తే చిన్న అక్షరాలు సరిగ్గా చదవట్లేదు. ఇప్పటికి సుమారు ముప్పై వేల పేజీలు అయ్యాయి, మొత్తం 14 జీబీ కూడా లేదు.

స్కాన్ చేసింది ఒక ఫోల్డర్‌లో పడుద్ది, అందులో అక్షరాలన్నీ అదే చదివేసుకుంటది, ఆ తర్వాత బిల్లు నంబరు కొట్టినా, పార్టీ (మనకి అమ్మినవాళ్లు, మన దగ్గర కొన్నవాళ్లు) జీఎస్టీ నంబరు కొట్టినా, మోటారు సీరియల్ నంబరు కొట్టినా ఆ కాగితం ముందుకొస్తది. మొదటి రెండు నెలలు ఏ పార్టీది, ఏ రకం కాగితం అని మనం చెప్పాలి, తర్వాత చాలావరకు తనే పట్టేస్తది. నాకు అన్నిటికన్నా నచ్చింది వరస నంబరు పద్ధతి. స్కాన్ చేసే ముందే కాగితం మీద ఒక నంబరు స్టిక్కర్ అంటిస్తాం, అదే నంబరు కంప్యూటర్లో ఉంటది, కాగితం ఆ వరసలోనే ఫైల్లోకి పోద్ది. పార్టీకో ఫైలు, నెలకో ఫైలు అన్న గోలే లేదు, ఒరిజినల్ కావాలంటే నంబరు చూసి అర నిమిషంలో తీస్తాం.

అసలు లాభం ఎక్కడ కనపడిందంటే, 2024 మేలో మాకు 2019-20 సంవత్సరానికి జీఎస్టీ నోటీసు వచ్చింది, డీఆర్‌సీ-01 అంటారు, ఇంత పన్ను ఎందుకు కట్టించుకోకూడదో చెప్పమని అడిగే ఫారం. ఒక సప్లయర్ దగ్గర కొన్న సరుకుకి తీసుకున్న ఐటీసీకి (కొన్నప్పుడు కట్టిన పన్నుని మనం కట్టాల్సిన పన్నులోంచి తగ్గించుకోవడం) రుజువులు చూపించమని. రుజువు అంటే ఒక్క బిల్లు కాదు, ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి ఆన్‌లైన్లో తీసే అనుమతి కాగితం), లారీ ఆఫీసు ఎల్ఆర్ (లారీలో సరుకు వేసినట్టు ఇచ్చే రసీదు), మనం డబ్బు కట్టినట్టు బ్యాంకు స్టేట్‌మెంటు, అన్నీ. మా ఆడిటర్ గారు మొదట్లోనే చెప్పారు, పాతవాటిలో ఏమన్నా చేస్తే ముందు కొనుగోళ్లు చెయ్యండి, అమ్మకాలు మీ సాఫ్ట్‌వేర్లో ఎటూ ఉంటాయి అని. ఆ మాట విని 2019 ఏప్రిల్ నుంచి కొన్న బిల్లులన్నీ ముందే ఎక్కించి పెట్టాం. సప్లయర్ నంబరు కొట్టగానే బిల్లులు, ఎల్ఆర్‌లు వరసగా వచ్చేశాయి, రెండు రోజుల్లో సమాధానం తయారైంది. అంతకుముందు 2017-18కి ఇలాంటి నోటీసే వచ్చినప్పుడు నేనూ మా గుమస్తా మూడు వారాలు సంచులు విప్పుకుంటూ కూర్చున్నాం, ఆ మూడు వారాలు వ్యాపారం మీద మనసే లేదు. జీఎస్టీ లెక్కల కాగితాలు వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి, ఇది గుర్తుపెట్టుకోండి. కంప్యూటర్లో ఉంచుకోవచ్చని చట్టంలోనే ఉంది, బ్యాకప్ ఉండాలని కూడా ఉంది.

అదే 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి వరద వచ్చింది. సింగ్‌నగర్‌లో నీళ్లు ఎన్ని రోజులు ఉన్నాయో ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు. గోడౌన్ తలుపు తీసేసరికి బీరువా కింది మూడు అరలు బురద, కార్బన్ కాపీలు అప్పడాల కట్టలా అతుక్కుపోయి ఉన్నాయి, విప్పబోతే పేజీ చేతికొచ్చేస్తుంది తప్ప అక్షరం లేదు. మేం ఇంకా స్కాన్ చెయ్యని రెండేళ్ల కాగితాలు, అంటే 2017-18, 2018-19వి, నాన్నగారు స్వయంగా రాసిన స్టాకు పుస్తకాలతో సహా పోయినయ్. వాటికి ఇప్పటికీ బాధగానే ఉంది. స్కాన్ అయినవి మాత్రం ఒక్కటి పోలేదు. ఇన్సూరెన్సు సర్వేయర్ తడిసిన మోటార్లకి కొన్న బిల్లులు అడిగితే సీరియల్ నంబర్ల ప్రకారం తీసి అక్కడే చూపించాం.

కానీ ఒకటి, ఆ కంప్యూటర్ కొట్లో ఉంది కాబట్టి సరిపోయింది, గోడౌన్లో ఉంటే అదీ పోయేది, అప్పటికి మాకు వేరే చోట కాపీ లేదు. ఇప్పుడు ఇంట్లో ఒక డిస్కు, క్లౌడ్‌లో పాస్‌వర్డ్‌తో లాక్ చేసిన కాపీ ఒకటి ఉన్నాయి.

కొట్టు కౌంటర్ దగ్గర జరిగే చిన్న విషయం కూడా చెప్తా. మైలవరం వైపు నుంచి ఒక పెద్దాయన కాలిపోయిన మోటారు ఆటోలో వేసుకొచ్చాడు, వారంటీ ఉందంటాడు, బిల్లు లేదు. "ఇల్లు సున్నం వేసినప్పుడు ఎటు పోయిందో తెల్దు బాబూ" అన్నాడు. "ఫోన్ నంబరు చెప్పు బాబాయ్" అని కొట్టి చూస్తే బిల్లూ, వారంటీ కార్డూ రెండూ ఉన్నాయి, ఇంకా నలభై రోజుల గడువుంది. పాత రోజుల్లో అయితే రేపు రమ్మని పంపేవాళ్లం, ఆయనకి ఒక రోజు తడి పోయేది, పైరు ఎండేది.

ఇబ్బందులు లేవని కాదు. చేతిరాత చలానాలు చదవదు, పార్టీ పేరు, నంబరు మనమే టైప్ చెయ్యాలి. తెలుగు అచ్చు కూడా చదువుద్ది గానీ ఒత్తుల దగ్గర తప్పులు ఎక్కువ. పిన్నులు తియ్యకుండా పెడితే స్కానర్ కాగితం చింపుద్ది. డీజిల్ బిల్లులు, కాటా చీటీలు వేడికి అచ్చయ్యే కాగితం, కొన్ని నెలలకి తెల్లగా అయిపోతాయి, వాటిని వచ్చిన రోజే చెయ్యాలి. ఇంకో పొరపాటు, మెయిల్లో వచ్చిన పీడీఎఫ్ బిల్లుని మా గుమస్తా ప్రింటు తీసి మళ్ళీ స్కాన్ చేసేవాడు, అలా చేస్తే అక్షరాలు మసకబారతాయి, ఉన్నదాన్ని ఉన్నట్టే ఎక్కించాలి. స్థలం దస్తావేజులు, స్టాంపు కాగితాల అగ్రిమెంట్లు స్కాన్ చేశాం కదా అని పారెయ్యకండి, అవి ఒరిజినల్‌గా ఉండాల్సిందే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు పాత కట్టలతో మొదలుపెట్టొద్దు. నాకు తెలిసిన ఇద్దరు అలా మొదలుపెట్టి నెలలో విసిగిపోయి మానేశారు. ఈ రోజు వచ్చిన కాగితం ఈ రోజే, కొట్టు కట్టే ముందు, ఇరవై నిమిషాలు. అది అలవాటయ్యాక పాతవి తియ్యండి, మాకైతే వానాకాలం మోటార్ల అమ్మకం తగ్గుద్ది కాబట్టి అప్పుడు చేస్తాం. తుడిచేసే అధికారం మాత్రం ఓనరు దగ్గరే పెట్టుకోండి, గుమస్తాలకి ఎక్కించడం, చూడటం చాలు. నెలకోసారి ఇంటి డిస్కులోంచి ఏదో ఒక బిల్లు తెరిచి చూస్తా, తెరుచుకుంటేనే అది బ్యాకప్ కింద లెక్క.