ప్రయాణికుల సంఘంలో ఎనిమిదేళ్ళు, ఒక నల్లట్ట రిజిస్టరు

మా రైలు ప్రయాణికుల సంఘంలో చేరితే ఏమైనా లాభం ఉంటుందా అని ఈ మధ్య తోటి సీజన్ టికెట్ వాళ్ళు ఇద్దరు అడిగారు. ప్లాట్‌ఫాం మీద నిలబడి ఒక్క ముక్కలో చెప్పే సంగతి కాదు, అందుకే కూర్చుని రాస్తున్నా. సంఘం పేరూ, స్టేషన్ పేరూ చెప్పను. చెప్తే రేపు పొద్దున బండి దగ్గర అందరికీ నేనే సమాధానం చెప్పుకోవాలి.

నేను ప్రభుత్వ బడిలో లెక్కల టీచర్ని. మూడు నెలల సీజన్ తీసుకుని రోజూ అప్ అండ్ డౌన్ చేస్తాను. 2017లో సంఘంలో చేరాను. ఒక కార్డు ఇచ్చారు. టీటీఈ దానివంక చూడను కూడా చూడడు. ఏటా ఒక సమావేశం, కొత్త అధికారి ఎవరొచ్చినా ఒక శాలువా, ఒక గ్రూపు ఫొటో. వాట్సాప్ గ్రూపులో ఇంజన్ల ఫొటోలు, హారన్ల వీడియోలు. 1909లో ఓఖిల్ చంద్ర సేన్ అనే ప్రయాణికుడు చెంబు పట్టుకుని పట్టాల పక్కకి వెళ్తే బండి వదిలేసి పోయిందని రైల్వేకి రాసిన ఉత్తరం ఏడాదికి రెండుసార్లయినా ఆ గ్రూపులో తిరుగుతుంది. రైలు పెట్టెల్లో మరుగుదొడ్లు రావడానికి ఆ ఉత్తరమే కారణమంటారు. మావాళ్ళు అది చదివి, మనమూ ఒక వినతిపత్రం ఇద్దాం అంటారు. ఇస్తారు కూడా. కరోనా తర్వాత ప్యాసింజర్ బండ్లని స్పెషల్ చేసి కనీస చార్జీ 10 రూపాయల నుంచి 30కి పెంచినప్పుడు బోలెడు వినతిపత్రాలు ఇచ్చారు. 2024 ఫిబ్రవరిలో పాత చార్జీలు తిరిగొస్తే, అది మా వినతిపత్రం చలవేనని మా అధ్యక్షులు ఇప్పటికీ చెప్తారు. దేశమంతా తగ్గింది లెండి.

ఇన్నేళ్ళూ నేను చందా కడుతున్నది మాత్రం ఒకే ఒక్క వస్తువు కోసం. అది బాబాయిగారి నల్లట్ట రిజిస్టరు.

బాబాయిగారు ఆర్‌ఎంఎస్‌లో, అంటే రైళ్ళలో ఉత్తరాలు చేరవేసే తపాలా విభాగంలో, ఉత్తరాలు వేరుచేసే సార్టరుగా చేసి రిటైరయ్యారు. సర్వీసులో సగం బండిలోనే గడిపిన మనిషి. రోజూ పొద్దున మా బండి టైముకి వచ్చి రిజిస్టరు రాస్తారు. తేదీ, రావాల్సిన టైము, చక్రాలు ఆగిన టైము, మళ్ళీ కదిలిన టైము, కారణం. అంతే. ఆయన రానిరోజు మాలో ఎవరో ఒకరం రాయాలి. యాప్‌లో చూసుకోవచ్చుగా అని నేనూ మొదట్లో అన్నాను. నిన్న మొన్నటిది యాప్‌లో దొరుకుతుంది, పోయిన శ్రావణంలో ఎన్ని రోజులు లేటో చెప్పమంటే ఎక్కడ చూస్తావమ్మా అన్నారు.

ఆయనవి రెండు నియమాలు. బండి టైముకి వచ్చిన రోజు కూడా తప్పకుండా రాయాలి. కారణం మన కంటితో చూస్తేనో, స్టేషన్‌లో చెప్తేనో రాయాలి, లేకపోతే ‘తెలీదు’ అని రాయాలి. నేను మొదటిసారి రాసిన రోజు బండి అరగంట లేటు. ఒళ్ళు మండి కారణం గడిలో ‘నిర్లక్ష్యం’ అని రాశాను. బాబాయిగారు దాన్ని స్కేలు పెట్టి కొట్టేశారు. “నిర్లక్ష్యాన్ని చూశావా అమ్మా? చూసింది రాయి” అన్నారు. లెక్కల టీచర్నై ఉండి సిగ్గేసింది.

ఆ రిజిస్టరు చేసిన పని చెప్తాను. మా బండి మా స్టేషన్‌కి 7.52కి రావాలి. వచ్చేది 8.20 ఆ ప్రాంతంలో. నేను చివరిదాకా వెళ్ళను, మధ్యలో దిగిపోతాను. మా పెట్టెలో సగంమందికి పైగా అక్కడే దిగుతారు. బడిలో ప్రార్థన 9 గంటలకి. స్టేషన్ నుంచి పరుగో పరుగు. సమాచార హక్కు కింద 10 రూపాయలు కట్టి అడిగితే మా బండి చాలావరకు సరైన సమయానికే నడుస్తోందని జవాబొచ్చింది. డివిజన్ స్థాయి సలహా సంఘంలో, అదే డీఆర్‌యూసీసీలో, మా అధ్యక్షులకి రెండేళ్ళు సభ్యత్వం ఉండేది. అక్కడా అదే మాట విని వచ్చి మా మీదే విసుక్కున్నారు.

ముడి విప్పింది మా గ్రూపులో హారన్ల వీడియోలు పెట్టే కుర్రాడు. వాణ్ణి నేను అంతకుముందు పట్టించుకోలేదు. టైంటేబుల్ తెరిచి, చివరి చిన్న స్టేషన్ నుంచి పెద్ద జంక్షన్‌కి ఎంతసేపు ఇచ్చారో చూడండి మేడం అన్నాడు. 13 కిలోమీటర్లకి 55 నిమిషాలు. అదే దూరం తిరుగు బండికి 17 నిమిషాలు. దారిలో పోగొట్టుకున్న టైమంతా రాబట్టుకోవడానికి చివర్లో అలా ఖాళీ వదులుతారట. బండి టైముకి వచ్చిందా లేదా అన్న లెక్క తీసేది చివరి స్టేషన్‌లో. అంటే మాకు అరగంట లేటైన బండి అక్కడికి వెళ్ళేసరికి రైటు టైము. వాళ్ళ జవాబూ అబద్ధం కాదు, మా రిజిస్టరూ అబద్ధం కాదు. మధ్యలో దిగేవాళ్ళం లెక్కలోనే లేం, అంతే.

తర్వాత ఆపరేటింగ్ విభాగంలో ఒక అధికారిని కలిసే వీలు దొరికింది. బాబాయిగారు, నేను, ఆ కుర్రాడు వెళ్ళాం. వయసు తక్కువే ఆయనకి. మొహంలో ఐదు నిమిషాల్లో పంపించేద్దామన్న తొందర కనిపిస్తూనే ఉంది. బాబాయిగారు ఏమీ మాట్లాడకుండా రిజిస్టరు బల్ల మీద పెట్టారు. ఆ అధికారి మధ్యలో ఒక పేజీ తీశారు, ఇంకోటి తీశారు. “టైముకి వచ్చిన రోజులు కూడా రాశారే” అన్నారు. వేలుతో కారణాల గడి వెంట కిందికి దిగుతూ ‘తెలీదు’, ‘తెలీదు’, ‘తెలీదు’ అని చదివి నవ్వారు. అక్కణ్ణుంచి సంభాషణ మారిపోయింది. టీ తెప్పించారు. లేటైన రోజుల్లో ఎక్కువభాగం కారణం ఒక్కటే. వెనకనించి వచ్చే సూపర్‌ఫాస్ట్‌కి దారివ్వడానికి మాకు ముందు స్టేషన్‌లో మా బండిని లూప్‌లో, అంటే పక్క పట్టా మీద, పెడుతున్నారు. సూపర్‌ఫాస్ట్ ఎంత లేటైతే మేం అంతసేపు లూప్‌లో. మా బండి 15 నిమిషాలు ముందు బయల్దేరితే మా ఊరూ, నేను దిగే ఊరూ దాటాక ఆ సూపర్‌ఫాస్ట్ దాటిపోతుంది. అక్కడ ఎంతసేపు ఆగినా చివర్లో ఉన్న ఖాళీలో కలిసిపోతుంది. కొత్త బండి అడగలేదు, హాల్ట్ అడగలేదు, పైసా ఖర్చు లేదు. ఆయన రాసుకున్నారు.

తర్వాతి టైంటేబుల్‌లో మారింది. నేను నమ్మలేదు. మొదటి వారమంతా ప్రార్థనకి ముందే బడిలో ఉంటే హెడ్మాస్టరు ఒంట్లో బాగుందా అని అడిగారు. ఆ నెలంతా కనిపించినవాళ్ళందరికీ సంఘంలో చేరండని చెప్పాను, మొహమాటపెట్టి చందాలు కట్టించాను. అప్పుడే ఎవరైనా అభిప్రాయం అడిగి ఉంటే మరో మాట లేకుండా పదికి పది ఇచ్చేదాన్ని.

ఇప్పుడు ఇవ్వను. మా పెట్టెలో ఆకుకూరల గంపలతో ఒక అత్త వచ్చేది. నేను ఎక్కేసరికి నాకు సీటు ఆపి ఉంచేది. కొత్త టైంటేబుల్ వచ్చాక కనపడలేదు. ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. రెండు నెలల తర్వాత బస్టాండులో కనిపించింది. “మీరేగా టీచరమ్మా బండిని ముందుకి జరిపించింది” అంది. కోపంగా అనలేదు, అందుకే ఇంకా గుచ్చుకుంది. వాళ్ళది బ్రాంచి లైను. వాళ్ళ చిన్న బండి మా స్టేషన్‌కి ముందుండే జంక్షన్‌కి వచ్చేసరికి, ఎదురు ప్లాట్‌ఫాం మీద ఇదివరకు మా బండి ఉండేది. ఇప్పుడు ఐదు నిమిషాల ముందే వెళ్ళిపోతోంది. తర్వాతి బండికి గంటన్నర. అప్పటికి ఆకుకూరలు ఎవరు కొంటారు? అందుకే బస్సు, దానికి గంపల చార్జీ వేరే.

ముందుకి జరిపితే ఎవరికైనా ఇబ్బందా అని ఆ అధికారి మమ్మల్ని అడిగారు. నాకు బాగా గుర్తు. అందరూ ఒప్పుకున్నారని చెప్పాం. అందరూ అంటే మా స్టేషన్ వాళ్ళు. రిజిస్టరులో బండి టైములున్నాయి, కారణాలున్నాయి, ఆ బండి అందుకోలేని వాళ్ళకి మాత్రం గడి లేదు.

సంఘంలో ఈ సంగతి ఎత్తాను. బ్రాంచి లైను మన పరిధిలోకి రాదు, వాళ్ళలో ఒక్కరైనా సభ్యులు కాదు, ఇప్పుడు కదిపితే ఉన్నది కూడా పోతుంది అన్నారు. ఆఖరి మాటలో నిజం లేకపోలేదు. కానీ ఇంతే గట్టిగా ఆ రోజు మా గురించి కూడా ఎవరో అని ఉంటారు కదా. నేను దీనిమీద పట్టుబట్టడం కొందరికి నచ్చలేదు, ఫొటోలకి పిలవడం మానేశారు. అదొక లాభం.

ప్రస్తుతానికి ఇంకో రిజిస్టరు మొదలైంది. బ్రాంచి బండిలో వచ్చే ఒక నర్సింగ్ విద్యార్థిని వాళ్ళ బండి ఆగిన టైము, ఆ రోజు ఎంతమందికి మా బండి తప్పిందో రోజూ నాకు ఫోన్‌లో పంపుతుంది, నేను ఎక్కిస్తున్నాను. ఐదు నిమిషాలు వెనక్కి జరిపితే సూపర్‌ఫాస్ట్‌తో తగాదా వస్తుందా రాదా అన్నది ఆ హారన్ల కుర్రాడు లెక్కేస్తున్నాడు. వస్తుందనే అనుమానం. అయితే బ్రాంచి బండినే కాస్త ముందు లాగాలి, దానికి ఇంకెవరి కనెక్షన్ తెగుతుందో.

కాబట్టి చేరాలా వద్దా అంటే, మీ పరిస్థితిని బట్టి. నాలాగా సీజన్ మీద వెళ్ళి మధ్యలో దిగేవాళ్ళయితే, రోజూ గడియారం చూసి నాలుగు అంకెలు రాసే ఓపిక ఉంటే చేరండి. నెలకోసారి ఊరెళ్ళేవాళ్ళకి ఆ చందా దండగ. ఎక్స్‌ప్రెస్‌కి హాల్ట్ కావాలని చేరేటట్టయితే, వినతిపత్రం మాత్రం గ్యారంటీ. బాబాయిగారిలాంటి మనిషి మీ సంఘంలో లేకపోతే నేను చెప్పినదేదీ మీకు వర్తించదు.

ఈ ఏడాది చందా కట్టేశాను. వచ్చే ఏడాది సంగతి బదిలీల కౌన్సెలింగ్ అయ్యాక చూడాలి. బస్సులో వెళ్ళే బడి వస్తే రెండు రిజిస్టర్లూ ఆ నర్సింగ్ పిల్లకి ఇచ్చేస్తానని బాబాయిగారితో అన్నాను. ఆ పిల్ల సభ్యురాలు కాదే అన్నారు. ఆమె చందా కూడా నేనే కట్టాలేమో.