జాగ్రత్త: 60 రోజుల లెటర్ వచ్చిన కంగారులో సీఓఎస్ కొనకండి

అందరికీ నమస్తే. పోస్ట్ పెద్దదే. ఓపిక లేనివాళ్లు ఈ ఒక్క ముక్క చదివి వెళ్లిపోండి: సీఓఎస్‌కి, అంటే యూకే వర్క్ వీసా కోసం కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ స్పాన్సర్‌షిప్‌కి, ఎవరైనా మీకు రేటు చెప్పారంటే అది ఎంతైనా సరే అక్కడితో ఫోన్ పెట్టేయండి. మొదటిసారి డబ్బు కట్టి వచ్చినవాళ్లలో కొందరైనా ఎలాగో నెట్టుకొచ్చారు. కంపెనీకి స్పాన్సర్ లైసెన్స్ (బయటి దేశాలవాళ్లని వీసా మీద పెట్టుకునే అనుమతి) పోయి, వీసాలు చూసే హోమ్ ఆఫీస్ నుంచి 60 రోజుల్లో కొత్త స్పాన్సర్‌ని వెతుక్కోమని లెటర్ వచ్చి, ఆ భయంలో రెండోసారి కొన్నవాళ్లే నిలువునా మునిగారు. నేను కళ్లారా చూసింది అదే, కొంత నా జేబుకి తగిలింది కూడా.

నేను 2023 జనవరిలో మాస్టర్స్‌కి యూకే వచ్చాను. మిడ్లాండ్స్‌లో ఒక ఊరు, పేరు అనవసరం. చదువుకునేటప్పుడు వారానికి 20 గంటలు, తర్వాత గ్రాడ్యుయేట్ వీసా (చదువయ్యాక స్పాన్సర్ లేకుండా పనిచేసుకునేది) మీద ఫుల్ టైమ్, ఒక హోమ్ కేర్ కంపెనీలో చేశాను. ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లి, లేపి, స్నానం చేయించి, మందులిచ్చి, టీ పెట్టి, మళ్లీ ఇంకో ఇంటికి పరిగెత్తడం, అదీ పని. మా దగ్గర మనవాళ్లం నలుగురైదుగురం ఉంటే నైజీరియా వాళ్లు ముప్పై మంది దాకా ఉండేవాళ్లు. ఇద్దరు కలిసి చేయాల్సిన డబుల్ అప్ కాల్స్‌కి నాతో వచ్చేది లాగోస్ నుంచి వచ్చిన ఒకావిడ. అక్కడ పదేళ్లు బ్యాంకులో చేసిన మనిషి, ఇక్కడ బెడ్‌పాన్ కడిగింది, ఒక్కరోజు కూడా మొహం చిట్లించలేదు. మేమంతా ఆంటీ అనేవాళ్లం. యోరుబా అనే నైజీరియా తెగ వాళ్లలో కూడా మనలాగే పెద్దవాళ్లను పేరు పెట్టి పిలవడం తప్పు.

వాళ్లకి జపా అని ఒక మాట ఉంది. పారిపోవడం అని అర్థం, ఇప్పుడు దేశం వదిలి వెళ్లడానికి అందరూ అదే వాడతారు. 2022 ఫిబ్రవరిలో బ్రిటన్ కేర్ వర్కర్లకు వీసా తలుపు తెరిచాక ఆ జపా లాగోస్‌లో పెద్ద వ్యాపారమైపోయింది. నిజానికి నైజీరియా రెడ్ లిస్ట్‌లో ఉన్న దేశం, అక్కడికి వెళ్లి హెల్త్, కేర్ ఉద్యోగాలకు మనుషుల్ని వెతికి తీసుకురాకూడదని బ్రిటన్ ప్రభుత్వ నియమావళే చెబుతుంది, ఎవరికి వాళ్లు నేరుగా అప్లై చేసుకుంటే మాత్రం తప్పులేదు. ఈ సందులోనే ఏజెంట్లు దూరారు. ఆంటీ ఏడు వేల పౌండ్లకు సరిపడా నైరా కట్టింది. భర్త కరోలా కారు అమ్మారు, అజో ఎత్తారు. అజో అంటే అచ్చం మన చీటీయే, తలా కొంత వేసుకుని నెలకొకరు ఎత్తుకోవడం. ఆవిడ అది వివరించినప్పుడు నాకు మా అమ్మ చీటీ పాటలు గుర్తొచ్చి నవ్వొచ్చింది, అప్పటికి ఇంకా నవ్వొచ్చే రోజులే.

ఆ ఏడు వేలలో సీఓఎస్ అసలు ఫీజు ఎంతో తెలుసా? అప్పట్లో రెండు వందల పౌండ్ల చిల్లర. 2025 ఏప్రిల్ నుంచి 525 అయింది. ఎంతైనా కట్టాల్సింది కంపెనీ, మనం కాదు, మన దగ్గర వసూలు చేస్తే వాళ్ల లైసెన్స్‌కే ఎసరు.

2023 నవంబర్‌లో ఆంటీ, భర్త, ఇద్దరు పిల్లలు దిగారు. వారానికి 39 గంటలని ఆఫర్ లెటర్, రోటాలో, అంటే డ్యూటీల పట్టికలో, వచ్చేది పదహారో పదిహేడో. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పోయే టైముకి జీతం లేదు. కారు కంపెనీదే, అద్దె వారం వారం కోత. కొన్నాళ్లకు ఇంకో తమాషా మొదలైంది. పే స్లిప్‌లో 39 గంటలు పడేవి, అకౌంట్‌లోకి కూడా అంతా వచ్చేది, మర్నాడు మేనేజర్‌కి మిగతాది క్యాష్‌గా తిరిగివ్వాలి. హోమ్ ఆఫీస్ లెక్కల్లో జీతం సరిపోయినట్టు కనపడాలి కదా. ఎదురు మాట్లాడితే "నీ వీసా మా చేతిలో ఉంది" అనే ఒక్క డైలాగ్. దయచేసి ఎవరూ ఇలా క్యాష్ తిరిగివ్వకండి. రేపు అధికారులు వచ్చినప్పుడు మిమ్మల్ని కూడా ఆ మోసంలో భాగస్థులనుకుంటే, ఆ 60 రోజులు కూడా దక్కకపోవచ్చు.

2025 ఫిబ్రవరిలో మా కంపెనీ లైసెన్స్ రద్దయింది. ఇది మా ఒక్కరి గోల కాదు. 2022 జూలై నుంచి 2024 చివరి దాకా కేర్ రంగంలో 470కి పైగా లైసెన్సులు రద్దు చేశామని ప్రభుత్వమే చెప్పింది, ఆ కంపెనీల కింద ఉన్నవాళ్లు 39,000 మందికి పైనే. అసలు ఈ లైసెన్సులు ఎలా ఇచ్చారో చూస్తే తల తిరుగుతుంది. అప్పటి బోర్డర్స్ చీఫ్ ఇన్‌స్పెక్టర్ డేవిడ్ నీల్ రిపోర్టు 2024 మార్చిలో బయటికొచ్చింది. అసలు లేనే లేని కేర్ హోమ్‌కి 275 సర్టిఫికెట్లు ఇచ్చారట, నలుగురే ఉద్యోగులున్నామని చెప్పిన కంపెనీకి 1,234 ఇచ్చారట. వాళ్లు చూడకుండా ఇచ్చిన దానికి శిక్ష మాత్రం ఆంటీ లాంటివాళ్లకి.

నాకు ఉద్యోగం పోయింది, అంతే. గ్రాడ్యుయేట్ వీసా ఉంది కాబట్టి వారంలో గోడౌన్‌లో చేరిపోయాను. ఆవిడకు మాత్రం ఉండే హక్కే పోయింది. ఏప్రిల్ చివర్లో లెటర్: 60 రోజుల్లో కొత్త స్పాన్సర్‌తో అప్లికేషన్ వేయాలి, లేదా వెళ్లిపోవాలి.

"అంత కష్టమైతే ఇంటికి వెళ్లిపోవచ్చుగా" అని తేలిగ్గా అనేవాళ్ల కోసం రెండు మాటలు. 2024 మార్చి 11 నుంచి కొత్తగా వచ్చే కేర్ వర్కర్లు కుటుంబాన్ని తెచ్చుకోవడానికి లేదు. అంతకుముందే ఈ వీసా మీద ఉన్నవాళ్లు కంపెనీ మారినా పిల్లల్ని, భర్తని ఉంచుకోవచ్చు, కానీ ఒక్కసారి తాడు తెగిందంటే మళ్లీ ఆ అవకాశం రాదు. ఇక అక్కడ చూస్తే 2023 జూన్‌లో నైరాను మార్కెట్‌కి వదిలేశారు, డాలర్‌కి 470 దగ్గరున్నది 2024 మొదట్లోనే 1,500 అయింది. అంటే మళ్లీ పౌండ్లలో కట్టాల్సి వస్తే లాగోస్ నుంచి మూడింతల నైరా పోగెయ్యాలి. అమ్మడానికి రెండో కారు లేదు.

సరిగ్గా ఈ స్థితిలో ఉన్న మనిషి కోసమే వాళ్లు కాచుకుని ఉంటారు. ఆంటీకి చర్చిలో పరిచయమైన ఒకాయన మెసేజ్ పెట్టాడు, "సిస్టర్, ఒక్క స్లాట్ ఉంది, 4,500". మే 12న ప్రభుత్వం వైట్ పేపర్ తెచ్చి కేర్ వర్కర్ల దారి మూసేస్తామంది కదా, దాన్ని పట్టుకుని "గేటు పడిపోతోంది, ఇప్పుడు కాకపోతే జన్మలో లేదు" అని రోజుకు నాలుగు వాయిస్ నోట్లు. సగం నిజం. 2025 జూలై 22 నుంచి మూసింది విదేశాల నుంచి కొత్తగా వచ్చేవాళ్లకి. ఇక్కడే ఉన్నవాళ్లు షరతులు కలిస్తే 2028 జూలై దాకా మారొచ్చు. ఆ రెండో సగం ఏ ఏజెంటూ చెప్పడు.

అదే టైములో నన్ను పట్టుకున్నవాడు మనవాడే, మా జిల్లావాడే. "తమ్ముడూ, నీ గ్రాడ్యుయేట్ వీసా అయిపోతే ఏం చేస్తావ్, అడ్వాన్స్ పడేయ్, మూడు నెలలు మా దగ్గర పనిచేసినట్టు పే స్లిప్పులు కూడా మేమే పుట్టిస్తాం" అన్నాడు. పే స్లిప్పులు పుట్టించడం అన్నప్పుడే నాకు బుర్ర వెలగాలి. దొంగ కాగితంతో దొరికితే పదేళ్లు ఈ దేశం గడప తొక్కనివ్వరు. అయినా ఇచ్చాను. రెండు లక్షల ఇరవై వేల రూపాయలు, మా నాన్న ఖాతా నుంచి వాడి బావమరిది ఖాతాకి. ఎందుకిచ్చావురా అంటే, మాట తెలుగులో వినపడింది, అన్నా అన్నాను, అంతే.

విషయం బయటపడింది ఆంటీ వాళ్ల వంటింట్లో. ఆదివారం, ఆవిడ జొలోఫ్ రైస్ చేస్తోంది, నేను పచ్చిమిర్చి తక్కువైందని వంక పెడుతున్నాను (నైజీరియా వాళ్లతో కారం గురించి వాదించకండి, ఓడిపోతారు). సీఓఎస్ పీడీఎఫ్ వచ్చిందని ఫోన్ చూపించింది. నాకు వచ్చిన శాంపిల్ తీసి పక్కన పెట్టాను. అదే కంపెనీ పేరు. అదే లోగో, కొంచెం మసకగా. చివరి లైన్లో అదే స్పెల్లింగ్ తప్పు. ఆవిడ మూడు వేలు పంపిన అకౌంట్ పేరు, నా వాడు "ఇక్కడ ఉంటే దీనికి కూడా వేయొచ్చు" అని పంపిన అకౌంట్ పేరు ఒక్కటే. వాళ్లకి చర్చి మనిషి, నాకు జిల్లా మనిషి, వెనకాల కొట్టు ఒకటే! ఆవిడ స్టవ్ కట్టేసి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "వహాలా" అంది. తంటా, గొడవ అని వాళ్ల మాట.

మర్నాడు చేసిన పని ముందే చేసుంటే పది నిమిషాల్లో తేలేది. ప్రభుత్వ వెబ్‌సైట్‌లో లైసెన్స్ ఉన్న స్పాన్సర్ల రిజిస్టర్ ఎవరైనా చూడొచ్చు. అందులో ఆ కంపెనీ పేరు ఉంది, నిజమే, కానీ పీడీఎఫ్‌లో పేరు చివర ఒక మాట తేడా. పేరు ఉన్నంత మాత్రాన మీకు సీఓఎస్ ఇచ్చినట్టు కాదు. సీఓఎస్ అంటే హోమ్ ఆఫీస్ సిస్టంలో ఉండే రికార్డు, ఒక నంబరు, పీడీఎఫ్ ఎవడైనా తయారు చేస్తాడు. ఇంగ్లండ్‌లో కేర్ కంపెనీలు సీక్యూసీలో (కేర్ సేవలను తనిఖీ చేసే సంస్థ) రిజిస్టర్ అయి ఉండాలి, ఆ సైట్‌లో ఉన్న ఫోన్ నంబరుకే చేయండి, ఏజెంట్ ఇచ్చిన నంబరుకి కాదు. మేం చేస్తే రిసెప్షన్‌లో అమ్మాయి, మా పేరు చెప్పి అమ్ముతున్నారని ఈ నెలలో మీది మూడో ఫోన్ అంది.

అప్పటికి 38వ రోజు. ఏజెంట్ ఆవిడతో "ఎక్కడా వేరే అప్లై చేయొద్దు, ప్రాసెస్ చెడిపోతుంది" అని చెప్పి ఆ రోజులన్నీ తినేశాడు. నాకు డబ్బు కంటే ఆ రోజులు పోయినందుకే ఎక్కువ మండింది. ఉచితంగా సలహా ఇచ్చే ఒక సంస్థకి వెళ్లాం, వాళ్లు లైసెన్స్ పోయిన కంపెనీల కేర్ వర్కర్ల కోసం ప్రభుత్వ నిధులతో నడుస్తున్న ప్రాంతీయ భాగస్వామ్యానికి పంపారు. ఇవి మీ ప్రాంతంలో ఇప్పుడు ఎలా నడుస్తున్నాయో కౌన్సిల్‌లో కనుక్కోండి. అక్కడ తెలిసిన అసలు సంగతి ఏంటంటే, 2025 ఏప్రిల్ 9 నుంచి ఇంగ్లండ్‌లో కేర్ కంపెనీ ఏదైనా బయటి దేశం నుంచి మనిషిని తేవాలంటే ముందు ఇక్కడ స్పాన్సర్ పోయినవాళ్లలో వెతకాలని అప్పట్లో రూల్ వచ్చింది. అంటే అప్పుడు కంపెనీలకే ఆంటీ లాంటివాళ్లు కావాలి. తనకి గిరాకీ ఉన్న రోజుల్లో తనే ఎదురు డబ్బు కట్టింది.

ఒక నర్సింగ్ హోమ్ ఇంటర్వ్యూకి పిలిచింది. 56వ రోజు సీఓఎస్ ఇచ్చారు, గంటకి 12.82, ఒక్క పైసా అడగలేదు. 58వ రోజు అప్లికేషన్ పడింది. సెప్టెంబర్‌లో వీసా వచ్చింది.

డబ్బు సంగతి. ఆంటీ క్యాష్‌గా ఇచ్చిన 1,500 గోవిందా. ట్రాన్స్‌ఫర్ చేసిన మూడు వేలకి బ్యాంకులో మోసం కంప్లైంట్ పెట్టింది, 2024 అక్టోబర్ నుంచి ఇక్కడి బ్యాంకులు ఇలాంటి మోసాల్లో డబ్బు తిరిగివ్వాలని రూల్ ఉంది, వెయ్యి ప్రశ్నలు అడిగి 2,900 ఇచ్చారు. అందరికీ వస్తుందని అనట్లేదు, అడగడం మాత్రం మానకండి, 13 నెలల లోపు అడగాలి. యూకే బయట జరిగిన ట్రాన్స్‌ఫర్‌కి ఆ రూల్ లేదు, కాబట్టి నాది అంతే సంగతులు. నాన్నతో మన సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాను, కంప్లైంట్ నంబర్ వచ్చింది, డబ్బు రాలేదు. నాన్న ఏమీ అనలేదు, అదే బాధ.

ఇంకో రెండు గుర్తుంచుకోండి. వీసా సలహాకి డబ్బు తీసుకునేవాడు సొలిసిటరో బారిస్టరో లాంటి అర్హత ఉన్న లాయర్ అయినా అయ్యుండాలి, ఇమిగ్రేషన్ అడ్వైస్ అథారిటీ రిజిస్టర్‌లో అయినా ఉండాలి, లేకపోతే అది నేరం. అలాగే ఉద్యోగంలో చేరాక హెచ్ఎంఆర్‌సీ యాప్ పెట్టుకోండి, కంపెనీ మీ జీతం ఎంతని ట్యాక్స్ వాళ్లకి చూపిస్తోందో అందులో కనపడుతుంది. పే స్లిప్‌తో కలవకపోతే స్క్రీన్‌షాట్లు దాచుకుని, ఉచితంగా సలహా ఇచ్చే వర్క్ రైట్స్ సెంటర్ లాంటి వాళ్ల దగ్గరికో సిటిజన్స్ అడ్వైస్‌కో వెళ్లండి.

ఇప్పుడు కొత్త భయం నడుస్తోంది. పీఆర్‌కి, అంటే శాశ్వతంగా ఉండే హక్కుకి, ఐదేళ్లు కాదు, డిగ్రీ స్థాయి కన్నా తక్కువ ఉద్యోగాలకి 15 ఏళ్లు చేద్దామని 2025 నవంబర్‌లో ప్రతిపాదన పెట్టారు. ఆంటీ ఆ రోజు కాలిక్యులేటర్ తీసి పెద్దవాడి వయసు లెక్కేసింది.

నా దగ్గర డబ్బు తీసుకున్నవాడు నంబర్ మార్చాడు. నిన్న ఎవరో వాడి స్టేటస్ ఫార్వర్డ్ చేశారు: "పాత రూల్ ప్రకారం పీఆర్, ఐదు స్లాట్లే ఉన్నాయి". డీపీ మాత్రం అదే వెంకటేశ్వర స్వామి ఫొటో.