పడవ మీద కెమెరానా, పరిశీలకుడా?

చేపల పడవ ఏ చేపలు ఎన్ని పట్టిందో సరిచూడటానికి రెండు దారులు: పడవ మీద కెమెరాలు, లేదా వెంట వెళ్లే పరిశీలకుడు.

ఖర్చు: కెమెరాలు, జీపీఎస్, వించ్ (వలలు, తాళ్లు లాగే యంత్రం) సెన్సర్లకు మొదట్లోనే పెద్ద మొత్తం పెట్టాలి. పరిశీలకుడికైతే ప్రతి ట్రిప్పుకూ జీతం, తిండి, పడక. చిన్న పడవలో ఆ పడకకే చోటుండదు.

శ్రమ: లెన్సు మీద ఉప్పు చారలు, చేప జిగురు పేరుకుంటే వీడియో దండగే, సిబ్బంది రోజూ తుడవాలి. కానీ అంతా కూర్చుని చూడక్కర్లేదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2006లో గాలం పడవలకు ఈ పద్ధతి పెట్టినప్పుడు, సుమారు 10 శాతం వీడియోనే లాగ్‌బుక్‌తో (పడవవాళ్లు రాసే చేపల లెక్కల పుస్తకం) సరిచూసేవారు. ఏ భాగం చూస్తారో తెలియదు కాబట్టి లెక్క సరిగ్గా రాయక తప్పదు. నాకు బాగా నచ్చింది ఇదే.

ముప్పు: సముద్రంలో ఒంటరి పరిశీలకులకు బెదిరింపులు ఎదురయ్యాయి, ప్రాణాలూ పోయాయి. దీన్ని డబ్బుతో తూచలేం.

చేప తలలోని చెవిరాయి (చిన్న గట్టి ముక్క) తీసి వయసు కట్టడం మాత్రం మనిషి పనే.

గాలానికి ఒక్కో చేపా పైకొచ్చే పడవకు కెమెరా చాలు. రకరకాల చేపలు కలగలిసి కుప్పపడే ట్రాలర్‌కు (పెద్ద వల ఈడ్చే పడవ), నమూనాలు కావాల్సిన చోటికి మనిషే వెళ్లాలి.