పర్లాకిమిడి కిరాణా షాపులో ఎనిమిది నెలలు వాడిన నోట్ల మెషిన్ గురించి (పసుపు అంటిన నోటుకీ దొంగనోటుకీ తేడా తెలీదు దీనికి)

మాది ఒడిశా పర్లాకిమిడిలో కిరాణా షాపు, నాన్నగారి కాలం నుంచి ఉంది. మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రాలో పాతపట్నం, ఇటు కొండెక్కితే గుమ్మా, సెరంగో, అందుకని మా గల్లాపెట్టెలోకి రెండు రాష్ట్రాల వాళ్ళ నోట్లూ వస్తాయి. ఫోన్‌పే, గూగుల్‌పే టౌన్లో బాగా పెరిగాయి గానీ కొండ మీది ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళలో చాలామంది దగ్గర ఇప్పటికీ నోట్లే, సిగ్నలే సరిగ్గా ఉండని చోట స్కాన్ ఏం చేస్తారు పాపం.

నోట్లు లెక్కపెట్టి దొంగనోట్లు పట్టే ఈ మెషిన్ ఎందుకు కొన్నానో ముందు చెప్తాను. పోయిన దసరా రద్దీలో ఎవరిచ్చారో తెలీదు, ఒక 500 దొంగనోటు మా కట్టలోకి వచ్చేసింది. బ్యాంకులో కడుతుంటే క్యాషియర్ పక్కకి తీసి, వెలుతురికి పెట్టి చూసి, నకిలీ అని ముద్ర గుద్దేసి ఉంచేసుకున్నాడు. రూల్ ప్రకారం అతను చేసింది కరెక్టే, దొంగనోటని తేలాక బ్యాంకు దాన్ని మనకి తిరిగి ఇవ్వకూడదు, మన ఖాతాలో వేయకూడదు. అయితే జప్తు చేసుకున్నట్టు రసీదు కూడా ఇవ్వాలి, అది మాత్రం నేను రెండుసార్లు అడిగితే గానీ ఇవ్వలేదు. మీకు ఎప్పుడైనా ఇలా జరిగితే రసీదు లేకుండా కౌంటర్ వదలకండి. ఇంకొకటి తెలుసుకోండి, ఒకేసారి కట్టిన డబ్బులో నాలుగు వరకూ దొంగనోట్లు ఉంటే బ్యాంకు నెలాఖర్లో పోలీసులకి కలిపి రిపోర్ట్ పంపుతుంది, ఐదు గానీ అంతకంటే ఎక్కువ గానీ దొరికితే అప్పుడే పోలీసులకి వెళ్ళి ఎఫ్ఐఆర్ అవుతుంది. అంటే చూసుకోకుండా పెద్ద కట్ట పట్టుకెళ్ళిన షాపువాడు ఏ పాపం తెలీకపోయినా స్టేషన్ మెట్లెక్కాల్సి రావచ్చు.

ఐదొందలేగా పోనీ అనుకునేవాళ్ళకి మా లెక్క చెప్తాను. లీటర్ నూనె ప్యాకెట్ మీద మాకు మిగిలేది మూడు రూపాయలు. ఆ ఒక్క నోటు పూడాలంటే నూట అరవై ఏడు ప్యాకెట్లు అమ్మాలి. పక్క షాపాయన "బ్యాంకుకి ఎందుకు పట్టుకెళ్ళేవు, సాయంత్రం సంతలో మార్చేస్తే పోయేది కదా" అన్నాడు. ఆయన మంచోడే, నా మీద జాలితోనే అన్నాడు, కానీ ఆ మాట నాకు నచ్చలేదు. సంతలో మారిస్తే అది ఎవరి చేతిలో పడుతుంది, పొద్దున్నుంచి చింతపండు పెట్టుకు కూర్చున్న మనిషి చేతిలోనే కదా, ఆమెకి ఐదొందలంటే వారం సరుకులు. పైగా దొంగనోటని తెలిసి మార్చడం భారతీయ న్యాయ సంహిత 179 సెక్షన్ కింద నేరం, మార్చే ఉద్దేశంతో దగ్గర ఉంచుకుంటే 180. ఇది 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, అంతకు ముందు ఐపీసీలో కూడా నేరమే.

సరే, బరంపురంలో ఆఫీస్ సామాన్లు అమ్మే షాపులో 7,800 పెట్టి ఈ మెషిన్ తీసుకున్నా. కంపెనీ పేరు రాయడం లేదు, ఇదే రేటులో వచ్చేవి చాలావరకు ఇలాగే ఉంటాయని అక్కడే నాలుగు మోడళ్ళు చూశాక అర్థమైంది. పైన కట్ట పెడితే రోలర్లు లాక్కుని కిందికి వదుల్తాయి, ముందు డిస్‌ప్లేలో నంబరు పడుతుంది. లోపల యూవీ (అతినీలలోహిత) లైటు, అయస్కాంత సిరాని చూసే సెన్సారు, ఇన్‌ఫ్రారెడ్ సెన్సారు, మొత్తం మూడు ఉన్నాయని అమ్మినాయన చెప్పాడు. తేడా కనిపిస్తే కీక్ మని అరిచి ఆగిపోతుంది.

లెక్క విషయంలో వంక పెట్టడానికి లేదు. రాత్రి షాపు కట్టేముందు నేనూ మా చిన్నోడూ కూర్చుని ముప్పావుగంట లెక్కపెట్టేవాళ్ళం, ఇప్పుడు పది నిమిషాల్లో అయిపోతోంది. 500 కట్టలో పొరపాటున 200 నోటు ఇరుక్కుంటే చాలాసార్లు పట్టేస్తోంది, ఎందుకంటే 500 నోటు పొడవు 150 మిల్లీమీటర్లు, 200 నోటు 146, ఆ నాలుగు మిల్లీమీటర్లు మన కంటికి ఆనవు గానీ దానికి తెలుస్తుంది. కానీ కలగాపులగంగా పెడితే మొత్తం ఎన్ని రూపాయలో చెప్పదు, ఎన్ని కాగితాలో చెప్తుందంతే. రూపాయల్లో మొత్తం చెప్పే మెషిన్లు వేరే ఉన్నాయి, వాటి రేటు చాలా ఎక్కువ. నేను ఇది అడక్కుండా కొన్నాను, మీరు అడిగి కొనండి. టేపు అంటించిన నోటు పెడితే ఇరుక్కుపోతుంది, వానాకాలం తడి నోట్లు రెండేసి కలిసి వెళ్ళిపోతాయి, పిండి చేతుల నోట్ల దుమ్ము సెన్సార్ మీద పేరుకుంటే ఊరికే అరుస్తుంది. వారానికోసారి బ్రష్‌తో తుడవాల్సిందే.

ఇక దొంగనోటు పట్టడం గురించి, అసలు ఈ రివ్యూ రాసేది దీనికోసమే.

యూవీ ఎలా పనిచేస్తుందంటే, అసలు నోటు కాగితం పత్తితో చేసింది, యూవీ వెలుతుర్లో ఆ కాగితం మెరవదు, దాని మీద నంబర్లు మాత్రం మెరుస్తాయి. మామూలు తెల్ల కాగితంలో తెల్లదనం కోసం కెమికల్ కలుపుతారు, అందుకే అది యూవీ కింద నీలంగా వెలుగుతుంది. మెషిన్ చూసేది ముఖ్యంగా ఆ వెలుగునే. ఇప్పుడు బట్టల సబ్బు పౌడర్లో కూడా అదే రకం కెమికల్ ఉంటుంది కదా, చొక్కా జేబులో మర్చిపోయి ఉతికేసిన నోటు అసలుదే అయినా వెలుగుతుంది, మెషిన్ అరుస్తుంది. మా ఇంట్లో నా చొక్కాతో పాటు ఉతికిన 100 నోటు పెట్టి చూశా, మూడుసార్లు పెడితే మూడుసార్లూ అరిచింది.

పసుపు సంగతి నాకు ముందు తెలీదు. మా వైపు కొండల్లో పసుపు పండిస్తారు, పక్కనున్న కొంధమాల్ పసుపుకైతే 2019లో జీఐ గుర్తింపు (ఆ ప్రాంతానికే ప్రత్యేకమైన సరుకని ఇచ్చేది) కూడా వచ్చింది. పసుపు అమ్ముకుని వచ్చినవాళ్ళ నోట్లకి పసుపు అంటుకునే ఉంటుంది, ఆ పసుపు యూవీ కింద పచ్చగా మెరుస్తుంది. మెషిన్ కొన్న రెండో వారంలో ఒక సవర ముసలమ్మ వచ్చింది, బియ్యం, ఉప్పు, కిరసనాయిలు దీపం కుప్పె, మనవరాలికి సబ్బు తీసుకుని మూడు 500 నోట్లు ఇచ్చింది. మా చిన్నోడు మెషిన్లో పెడితే మూడింటికీ అరిచింది. వాడు కొత్త మెషిన్ ఉత్సాహంలో "నాన్నా దొంగనోట్లు" అని గట్టిగా అనేశాడు, షాపులో పదిమంది ఉన్నారు, అందరూ తిరిగి చూశారు. ఆమెకి తెలుగు కొంచెమే వచ్చు, కానీ ఆ మాట అర్థమైంది. "ఏటైంది బాబూ, నాను దొంగనా" అంది, చెయ్యి వణికిపోతోంది. నేను లోపల్నుంచి పరిగెత్తుకొచ్చి నోట్లు వెలుతురికి పెట్టి చూశా, గాంధీగారి నీటిగుర్తు ఉంది, మధ్యలో ఉండే భద్రతా తీగ నోటు వంచితే ఆకుపచ్చ నుంచి నీలానికి మారింది, మూడూ నిక్షేపంలాంటి నోట్లు. వేళ్ళకి పసుపు అంటింది, వాసన చూస్తే అర్థమైపోయింది. "అమ్మా, నీ నోట్లు మంచివే, తప్పు మా మెషిన్‌ది" అని ఆ పదిమంది ముందే చెప్పి చేతులు పట్టుకున్నా, చిన్నోడి చేత కూడా చెప్పించా. ఆమె వెళ్ళిపోయింది, ఇప్పటికీ వస్తుంది మా షాపుకే. కానీ ఆరోజు ఆమె ముఖం నేను మర్చిపోలేను.

అప్పట్నుంచి మాకు ఒకటే పద్ధతి. మనిషి ఎదురుగా మెషిన్ పెట్టం, నోటు చేత్తో చూస్తాం, మెషిన్ రాత్రి లెక్కలప్పుడే. మెషిన్ అరిచిన నోటుని మళ్ళీ చేత్తో చూడందే ఎవరినీ ఒక్క మాట అనం.

చేత్తో ఎలాగంటే 500 నోటు సంగతి చెప్తా. ముందు మధ్యలో తీగ, అటూ ఇటూ వంచితే ఆకుపచ్చ నీలం అవ్వాలి, దాని మీద భారత్ అని హిందీలో, ఆర్‌బీఐ అని ఇంగ్లీషులో ఉంటుంది. కుడివైపు కింద రూపాయి గుర్తుతో 500 ఉంటుంది చూడండి, అది కూడా అలాగే రంగు మారాలి. కుడివైపు ఖాళీ చోటు వెలుతురికి పెడితే గాంధీగారి బొమ్మ, పక్కనే 500 అంకె కనపడాలి. నోటు రెండు చివర్లా ఉబ్బెత్తు గీతలు ఐదు, 200కి నాలుగు గీతలూ మధ్యలో రెండు సున్నాలు, 100కి నాలుగు గీతలు. ఇవి చూపులేనివాళ్ళ కోసం పెట్టినవి, అయినా రద్దీలో మనకీ వేలితో తెలిసిపోతుంది, బాగా నలిగిన నోటుకి అరిగిపోతాయి కాబట్టి వాటి ఒక్కదాని మీదే ఆధారపడొద్దు. నంబర్లు ఎడమ నుంచి కుడికి సైజు పెరుగుతూ రావాలి. వెనక భాషల పట్టీలో ఒడియా పదోది, తెలుగు పద్నాలుగోది, రెండూ మనం చదవగలం కదా, మొదటిసారి పట్టుబడిన ఆ దొంగనోటు మీద ఈ అక్షరాలు అలుక్కుపోయి ఉన్నాయి, అలవాటుంటే నేనే పట్టేసేవాణ్ణి. మా చిన్నోడికి ఇదంతా కొత్త పది నోటుతో మొదలుపెట్టి నేర్పించా, దాని వెనక మన కోణార్క్ గుడి ఉంటుందని వాడికి ఇష్టం.

పుకార్లు కూడా చెప్పాలి, ఎందుకంటే మా షాపులో మెషిన్ కంటే పుకార్లే ఎక్కువ గొడవలు పెట్టాయి. ఆకుపచ్చ తీగ గవర్నర్ సంతకానికి కాకుండా గాంధీగారి బొమ్మకి దగ్గరగా ఉంటే ఆ 500 నకిలీ అని వాట్సాప్‌లో తిరిగింది, అది అబద్ధం, రెండు రకాలూ చెల్లుతాయి. నంబరులో నక్షత్రం గుర్తున్న నోటు దొంగదని ఇంకొకటి. ప్రింటింగ్‌లో పాడైన నోటు బదులు వేసే నోటుకి ఆ నక్షత్రం పెడతారు, 2006 నుంచీ ఉంది, 2023 జులైలో ఆర్‌బీఐ స్వయంగా మళ్ళీ వివరణ ఇచ్చింది. ఓ కూలి మనిషి నక్షత్రం నోటు పట్టుకుని నాలుగు షాపులు తిరిగి మా దగ్గరికి వచ్చాడు, ఎవరూ తీసుకోలేదట, నేను తీసుకుని చిల్లర ఇచ్చా. ఇంకా, ఆర్‌బీఐ మణి యాప్‌తో దొంగనోటు కనిపెట్టొచ్చని ఒకాయన వాదించాడు, అది చూపులేనివాళ్ళకి నోటు ఎంతదో చదివి చెప్పే యాప్ అండీ, అసలుదో నకిలీదో చెప్పదు.

ఎనిమిది నెలల్లో మెషిన్ నిజంగా పట్టినవి రెండే. ఒకటి 500, హోల్‌సేల్ బాకీ వసూలు కట్టలోది, ఇంకొకటి 200, రోజూ మా సరుకు దింపే ఆటో అబ్బాయి ఇచ్చింది. వాడికి ఎవరో ప్యాసింజర్ ఇచ్చి ఉంటాడు. వాడే "అన్నా, బ్యాంకుకి నేనూ వస్తా" అన్నాడు, ఇద్దరం వెళ్ళి ఇచ్చి రసీదు తీసుకున్నాం, నష్టం చెరి సగం వేసుకున్నాం. అదే ఎనిమిది నెలల్లో అసలు నోట్లకి ఊరికే అరిచినవి ఎన్నో నేను లెక్కపెట్టడం మానేశా. బాగా తయారుచేసిన దొంగనోటుని ఇంత చౌక మెషిన్ పడుతుందన్న నమ్మకం కూడా నాకు లేదు, యూవీ ఒక్కటే ఉన్న వెయ్యి రూపాయల చిన్న డబ్బాలైతే మరీను. కొన్నాక టెస్ట్ చేద్దామన్నా దొంగనోటు ఎక్కడ్నుంచి తెస్తాం, నోటుని జిరాక్స్ తీసి చూద్దామని మాత్రం ఎవరూ అనుకోకండి, అదీ నేరమే. నేను తెల్ల కాగితం నోటు సైజుకి కత్తిరించి పెట్టి చూశా, కనీసం అది పడుతోంది.

సర్వీస్ దగ్గర మాత్రం చాలా బాధపడ్డా. ఏడాది వారంటీ, ఇంటికొచ్చి చేస్తారని అమ్మేటప్పుడు చెప్పారు, ఐదో నెలలో రోలర్ అరిగి కట్ట సరిగ్గా లాగడం మానేస్తే ఫోన్ చేస్తే పర్లాకిమిడికి మనిషి రాడు, మెషిన్ బరంపురం తెమ్మన్నారు. షాపు మూసి బస్సులో ఆరు కేజీల డబ్బా ఒళ్ళో పెట్టుకుని వెళ్ళొచ్చా. రోలర్ రబ్బరు వారంటీలో రాదని అక్కడ చెప్పారు, 650 తీసుకున్నారు. ఇది ముందే చెప్పి ఉంటే నాకు కోపం వచ్చేది కాదు.

లెక్కకి ఐదుకి నాలుగున్నర ఇస్తా, దొంగనోటు పట్టడానికి రెండు, సర్వీస్‌కి ఒకటి. రోజుకి వచ్చే నోట్లు రెండు వందలు దాటని షాపైతే కొనకండి, ఆ డబ్బుతో కౌంటర్ మీద మంచి తెల్ల లైటు పెట్టించుకోండి, నేనూ మొన్న పెట్టించా, 240 అయింది. మా చిన్నోడు ఇప్పుడు మెషిన్ కంటే ఆ లైటు కిందే ఎక్కువ నోట్లు చూస్తున్నాడు.