కాఫీ కుటుంబంలో కొత్త రకాన్ని వర్ణించేవారికి ఆన్‌లైన్ హెర్బేరియం సేవలు: ఒక సమీక్ష

కాఫీ కుటుంబమైన రూబియేసీలో ఒక కొత్త రకాన్ని (జాతికంటే కింది స్థాయి విభాగాన్ని) ఎండు నమూనాల ఆధారంగా వర్ణించాలనుకునేవారు ఈ రోజుల్లో ఆ నమూనాలను భద్రపరిచే హెర్బేరియం తలుపు తట్టడానికి ముందే దాని వెబ్‌సైటు తెరుస్తున్నారు. షీట్లపై అతికించిన కొమ్మల చిత్రాలు, లేబుళ్ళ వివరాలు, మొక్కల పేర్ల సూచికలు కూర్చున్నచోటికే తెచ్చిపెడుతున్న ఈ సేవలను ఇదే పనికోసం చాలాకాలంగా వాడుతున్నాను. ఒక మొక్క వేరే రకమేమో అన్న అనుమానాన్ని పుట్టించడంలోనూ, దాన్ని బలపరచడంలోనూ వీటికి సాటి లేదు. వేరే రకమేనని తేల్చి చెప్పడానికి మాత్రం ఇవి చాలవు.

రూబియేసీ పుష్పించే మొక్కల్లో నాలుగో అతిపెద్ద కుటుంబం. ఇందులో సుమారు 13,000 జాతులు, 600కు పైగా ప్రజాతులు ఉన్నాయి. ఎదురెదురుగా ఉండే ఆకులు, నునుపైన ఆకు అంచులు, రెండు ఆకు తొడిమల మధ్య కనిపించే చిన్న పొలుసుల్లాంటి పుచ్ఛాలు, పువ్వులోని ఇతర భాగాలకు కింద ఉండే నిమ్న అండాశయం చూసి కుటుంబాన్ని పోల్చుకోవడం తేలికే గాని, అక్కడినుంచి జాతి దాకా, జాతినుంచి రకం దాకా వెళ్ళడం అనుభవజ్ఞులకూ కష్టమే. అందువల్ల గుర్తింపునకు నోచుకోని నమూనాలు బీరువాల్లో దశాబ్దాల తరబడి ఉండిపోతాయి. పుష్పించే మొక్కల్లో కొత్తగా వర్ణించిన జాతులను పరిశీలించి 2010లో ప్రచురించిన ఒక అధ్యయనం, సేకరించిన ఐదేళ్ళలోపు వర్ణన పొందినవి 16 శాతమేననీ, దాదాపు నాలుగో వంతు 50 ఏళ్ళు పైబడిన నమూనాలనుంచి వచ్చాయనీ తేల్చింది. ఉష్ణమండల మొక్కల నమూనాల్లో సగానికి పైగా తప్పు పేర్లతో ఉండి ఉండవచ్చని 2015లో మరో అధ్యయనం చెప్పింది. కాబట్టి ఈ సైట్లలో చిత్రం పక్కన కనిపించే పేరును ఎవరో ఒకరు ఎప్పుడో చెప్పిన అభిప్రాయంగానే తీసుకోవాలి.

ఈ సేవలు నిజంగా మేలు చేసేది పోలికల దగ్గర. జాతిని వర్ణించడానికి కొన్నిసార్లు ఒకటి రెండు మంచి నమూనాలు సరిపోవచ్చు గాని, రకం విషయంలో అది కుదరదు. ఆకు అడుగున నూగు ఉండటం, లేకపోవడం వంటి చిన్న తేడా ఆధారంగా రకాన్ని నిలబెట్టాలంటే, ఆ తేడా మధ్యస్థ రూపాలు లేకుండా స్పష్టంగా విడిపోతోందని, వీలైతే ఒక ప్రాంతానికో, ఎత్తుకో పరిమితమై ఉందని చూపించాలి. అలా చూపించడానికి జాతి మొత్తం విస్తరించిన ప్రాంతమంతటినుంచీ నమూనాలు కావాలి. ఒకప్పుడు దీనికోసం లండన్‌లోని క్యూ ఉద్యానానికి, పారిస్‌కు, న్యూయార్క్‌కు వెళ్ళవలసి వచ్చేది, లేదా వాటినుంచి ఏళ్ళ తరబడి అరువు తెప్పించుకోవలసి వచ్చేది. ఇప్పుడు ఆ హెర్బేరియాల షీట్లను ఒకే తెర మీద పక్కపక్కన పెట్టుకోవచ్చు. ఆకు పొడవు వెడల్పులు, పక్క ఈనెల సంఖ్య, పుష్పవిన్యాసపు కాడ పొడవు వంటివి చిత్రంలోని కొలబద్ద సాయంతో చాలావరకు నమ్మకంగా కొలవవచ్చు.

2001లో ఏర్పడిన జీబిఫ్ అనే ప్రపంచ జీవవైవిధ్య సమాచార వేదిక ఇందులో మరో సౌకర్యం కల్పిస్తోంది. సేకర్తలు సాధారణంగా ఒకే మొక్కనుంచి అనేక కొమ్మలు కోసి, ఒకే సేకరణ సంఖ్యతో వేర్వేరు హెర్బేరియాలకు పంపుతారు. సేకర్త పేరు, సంఖ్య ఇచ్చి జీబిఫ్‌లో వెతికితే ఆ నకళ్ళు ఎక్కడెక్కడ ఉన్నాయో చాలావరకు బయటపడతాయి. ఒకే సంఖ్య గల షీటు ఒక హెర్బేరియంలో ఒక పేరుతో, మరో హెర్బేరియంలో ఇంకో పేరుతో ఉండటం చూస్తే, ఆ మొక్క విషయంలో నిపుణులు కూడా తడబడ్డారని అర్థమవుతుంది. కొత్త రకం వెతుకులాటలో అంతకంటే మంచి సూచన దొరకడం అరుదు. జీబిఫ్ పటాలను మాత్రం కొంచెం అనుమానంతో చూడాలి. పాత లేబుళ్ళ మీద అక్షాంశ రేఖాంశాలు సాధారణంగా ఉండవు. తర్వాతెప్పుడో జిల్లా పేరునుబట్టి, దేశం పేరునుబట్టి వేసిన చుక్కలు కూడా పటంలో అసలైనవాటితో సమానంగా మెరుస్తుంటాయి. విస్తరణ ఆధారంగా రకాన్ని సమర్థించేవారు ప్రతి చుక్క వెనుక ఉన్న లేబుల్ చిత్రాన్ని తెరిచి చదవక తప్పదు.

పేర్ల విషయానికి వస్తే, క్యూ, హార్వర్డ్, ఆస్ట్రేలియా జాతీయ హెర్బేరియం కలిసి నడుపుతున్న అంతర్జాతీయ మొక్కల పేర్ల సూచిక ఐపీఎన్‌ఐ వేగంలోనూ శుభ్రతలోనూ ముందు వరసలో నిలుస్తుంది. జాతుల పేర్లకోసం వెతికేవారికి దానిలో వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. రకాల పేర్లకోసం వెతికేవారు మాత్రం దాని చరిత్రను గుర్తుపెట్టుకోవాలి. ఐపీఎన్‌ఐకి పునాది అయిన పాత పేర్ల సూచిక ఇండెక్స్ క్యూయెన్సిస్, జాతికంటే కింది స్థాయి పేర్లను నమోదు చేయడం 1971లో మొదలుపెట్టింది. అందువల్ల పంతొమ్మిదో శతాబ్దంలోనో, ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలోనో ఎవరో ప్రకటించిన రకం గాని, రూపభేదం (రకంకంటే కింది స్థాయి) గాని అక్కడ కనిపించకపోతే, అలాంటి పేరు లేనే లేదని అనుకోవడానికి వీలు లేదు. ఇది చిన్న విషయం కాదు. నామకరణ నియమావళి ప్రకారం ఒకే జాతి కింద రకానికి, రూపభేదానికి, ఉపజాతికి వేర్వేరు ప్రమాణ నమూనాల (ఒక పేరు శాశ్వతంగా ముడిపడి ఉండే నమూనాల) ఆధారంగా ఒకే విశేషణాన్ని, అంటే జాతి పేరు తర్వాత చేర్చే పదాన్ని, వాడితే అవి సమనామాలవుతాయి. స్థాయి వేరన్న వాదన అక్కడ చెల్లదు. తర్వాత వచ్చిన పేరు అక్రమమవుతుంది. కాబట్టి మిస్సోరి బొటానికల్ గార్డెన్ వారి మొక్కల సమాచార నిధి ట్రోపికోస్‌లో మరోసారి చూడటం, ఆ పైన బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీలో పాత వృక్షజాల గ్రంథాలను స్వయంగా తిరగేయడం అవసరం. ఆ లైబ్రరీలో వెతుకులాట యంత్రం చదివిన పాఠ్యం మీద ఆధారపడుతుంది, పాత ముద్రణల్లో అక్షరాలు తరచు తప్పుగా పడతాయి. విషయసూచిక పేజీకి వెళ్ళి కళ్ళతో చదువుకోవడమే నయం.

ఇక అసలు ఇబ్బందికి వద్దాం. ఈ చిత్రాలకు చాలాచోట్ల పాటించే ప్రమాణం అంగుళానికి 600 చుక్కలు. అంటే ఒక్కో చుక్క సుమారు 0.04 మిల్లీమీటర్లు. మూడు మిల్లీమీటర్ల పుచ్ఛానికి దాదాపు డెబ్భై చుక్కలు వస్తాయి. దాని ఆకారం, కొన చీలిందా లేదా అన్నది చక్కగా తెలుస్తుంది. కాని ఆ పుచ్ఛపు అంచున ఉండే కేశాలు తరచు ఒక్క చుక్కకంటే సన్నగా ఉంటాయి. చిత్రాన్ని ఎంత పెద్దది చేసినా అక్కడ బూడిదరంగు మసక తప్ప మరేమీ కనిపించదు, ఆ మసక నూగు కావచ్చు, దుమ్ము కావచ్చు, పాత జిగురు కావచ్చు. నూగు ఆధారంగానే ఎన్నో రకాలు ఏర్పడ్డ కుటుంబంలో ఇది పెద్ద లోటు. దీనికి తోడు, షీటు అతికించినవారు ఒక ఆకునైనా తిరగేసి అతికించకపోతే ఆకు అడుగుభాగం కెమెరాకు చిక్కదు. ఈనెల మూలల్లో ఉండే చిన్న గుంటలు, అంటే డొమేషియాలు, ఉన్నాయో లేవో తేలదు.

షీటు మూలన అతికించిన చిన్న కాగితపు పొట్లం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. రాలిన పువ్వులు, కాయలు అందులోనే ఉంటాయి. స్కాన్ చేసిన చిత్రాల్లో అది దాదాపు ఎప్పుడూ మూసే ఉంటుంది. రూబియేసీలో ఆకర్షణ పత్రావళి గొట్టం (పూరేకులు కలిసి ఏర్పడిన గొట్టం) లోపల కేశాలు ఎక్కడ ఉన్నాయి, పరాగకోశాలు ఏ ఎత్తున అతుక్కున్నాయి, అండాశయంలో గదులెన్ని, ఒక్కో గదిలో అండాలెన్ని అన్నవే వర్గీకరణకు ప్రాణం. వీటిని చూడాలంటే ఆ పొట్లం విప్పి, అనుమతి ఉంటే ఒక పువ్వును వేడినీటిలో మెత్తబరిచి, సూక్ష్మదర్శిని కింద చీల్చాలి. ఎండిన పువ్వు కుంచించుకుపోతుంది గనుక కొలతలు ఎండినవో, తడిపినవో వర్ణనలో చెప్పాలి. ఈ పనిలో ఏదీ తెర మీద జరగదు.

భిన్నకీలత ఈ కుటుంబంలో మరో చిక్కు. సైకోట్రియా వంటి ప్రజాతుల్లో ఒకే జాతికి చెందిన కొన్ని మొక్కల పువ్వుల్లో కీలం పొడవుగా బయటికి వస్తుంది, కేసరాలు లోపల ఉంటాయి; మరికొన్ని మొక్కల్లో ఇది తారుమారవుతుంది. రెండు షీట్ల చిత్రాల్లో ఒకదానిలో కీలాగ్రాలు, రెండోదానిలో పరాగకోశాలు బయటికి కనిపిస్తే, అది రకాల మధ్య తేడా అని పొరబడే ప్రమాదం ఉంది. ఎక్కువ షీట్లు చూడగలగడం ఇక్కడ కూడా కాపాడుతుంది.

హెర్బేరియాలకు రాసి అదనపు చిత్రాలు కోరే సేవ గురించి నా అనుభవం మిశ్రమం. ఒక పెద్ద హెర్బేరియానికి ఆకు అడుగుభాగం చిత్రం కోసం రాస్తే స్వయంచాలక రసీదు వచ్చింది, ఆ తర్వాత మరేమీ రాలేదు. అంతకంటే చాలా చిన్నదైన మరో హెర్బేరియంలో సంరక్షకులు పొట్లం విప్పి, కొలబద్ద పెట్టి, సూక్ష్మదర్శినిలో తీసిన పువ్వు చిత్రాలు పంపారు. తొడిమ మీది కేశాలు ఏ వైపుకు వంగి ఉన్నాయో కూడా అడగకుండానే రాశారు. సంస్థ పరిమాణానికీ సేవకూ సంబంధం లేదు. అడిగేవారు బార్‌కోడ్ సంఖ్య, కావలసిన భాగం, కారణం స్పష్టంగా రాస్తే జవాబు వచ్చే అవకాశం మెరుగని మాత్రం చెప్పగలను. అరువు నమూనాలను సాధారణంగా సంస్థలకే పంపుతారు, వ్యక్తులకు పంపరు. ప్రమాణ నమూనాలైతే చాలాచోట్ల బయటికే పంపరు.

నియమాల పరంగా చూసినా తెర మీది పని సగమే. 2012 జనవరి 1నుంచి వర్ణన లాటిన్‌లో గాని ఇంగ్లీషులో గాని ఉండవచ్చు, ప్రచురణ ఆన్‌లైన్ పీడీఎఫ్ రూపంలో ఉన్నా చెల్లుతుంది. అయితే హోలోటైప్, అంటే కొత్త పేరుకు రచయిత ఎంచుకున్న ఏకైక ప్రమాణ నమూనా, ఒక హెర్బేరియంలో భద్రంగా ఉన్న నిజమైన నమూనా అయి ఉండాలి, అది ఏ హెర్బేరియంలో ఉందో ప్రకటనలోనే పేర్కొనాలి. చిత్రం దాని స్థానాన్ని తీసుకోలేదు. కొత్త రకం ప్రకటించగానే, అప్పటికి ఆ జాతి కింద రకాలు లేకపోతే, జాతి విశేషణాన్నే తిరిగి చెప్పే మరో రకం పేరు దానంతటదే ఏర్పడుతుంది. ఆ రెండో రకంలో ఏ షీట్లు చేరతాయో చెప్పడానికి మళ్ళీ ఈ సైట్లే పనికొస్తాయి.

మార్కులు వేయాలంటే పోలికలకు, నకళ్ళ వెతుకులాటకు ఐదుకు ఐదు, పాత రకాల పేర్లకు మూడు, పువ్వు లోపలి లక్షణాలకు ఒకటి వేస్తాను. పొట్లంలోని పువ్వుల చిత్రాలను, ఆకు అడుగుభాగపు దగ్గరి చిత్రాన్ని షీటు చిత్రానికి జతచేయడం కనీసం ప్రమాణ నమూనాల విషయంలోనైనా మొదలుపెడితే ఆ చివరి మార్కు మారుతుంది. అప్పటివరకు అనుమానాస్పదమైన షీట్ల బార్‌కోడ్‌లను తెర మీద ఏరి జాబితా చేసుకుని, ఆ జాబితాతోనే హెర్బేరియానికి వెళ్ళడం ఈ సేవలను వాడుకునే సరైన పద్ధతి.