డిస్నీ చేతిగీత సినిమాలు: నేర్చుకోవడానికి ఏ కాలం మేలు?

యానిమేషన్ నేర్చుకుంటున్నవాళ్లు అందరూ దాదాపు ఒకే మాట అడుగుతున్నారు: డిస్నీ సినిమాలు చూడమంటారు సరే, 1923లో మొదలైన కంపెనీ కదా, ఇంత సరుకులో ఎక్కడ పట్టుకోవాలి? చూసి ఆనందించడానికైతే ఎక్కడైనా పట్టుకోవచ్చు. ఫ్రేము ఫ్రేముగా ఆపి, పక్కన కాగితం పెట్టుకుని నేర్చుకోవడానికైతే మాత్రం కాలాన్ని ఎంచుకోవాలి. పోటీ ముఖ్యంగా మూడింటి మధ్య. స్నో వైట్ నుంచి బాంబి దాకా, అంటే 1937–42. వన్ హండ్రెడ్ అండ్ వన్ డాల్మేషియన్స్ నుంచి ద రెస్క్యూయర్స్ దాకా, 1961–77. లిటిల్ మెర్‌మెయిడ్‌తో మళ్లీ ఊపందుకున్న 1989–99.

కథ, పాటలు, వసూళ్లు పక్కన పెట్టి ఒక్కటే అడగాలి. తెర మీద కనిపిస్తున్న గీత ఎవరి చేతిది?

మొదటి కాలంలో పని ఇలా నడిచేది. యానిమేటర్ పెన్సిల్‌తో చురుకుగా, గజిబిజిగా గీస్తాడు. సహాయకుడు దాన్ని శుభ్రం చేసి మళ్లీ గీస్తాడు. ఆ కాగితం మీద సెల్ అనే పారదర్శకమైన ప్లాస్టిక్ రేకు పరిచి, ఇంకింగ్ విభాగంలోని మహిళలు పెన్నుతో దాన్ని ఎత్తి గీస్తారు. తర్వాత సెల్ తిరగేసి వెనకవైపు రంగు నింపుతారు. వాళ్ల పనితనానికి చేతులెత్తి దండం పెట్టాలి. వెంట్రుకంత సన్నని గీత, ఒంటికి ఒక రంగు సిరా, బట్టకు మరో రంగు సిరా. కానీ యానిమేటర్ చేతి ఒత్తిడి, తొందర, ఎక్కడ తడబడి సరిదిద్దుకున్నాడన్న జాడ, ఇవన్నీ ఆ నున్నని గీత కింద పడిపోయాయి. మీకు కనిపించేది ఫలితం, ఆలోచన కాదు.

అందుకని ఆ కాలాన్ని వదిలేయమని కాదు. బరువు, నటన నేర్చుకోవాలంటే దానికి సాటి లేదు. డంబో అనే ఏనుగు పిల్ల తల్లిని కలిసే ఘట్టంలో యానిమేటర్ బిల్ టైట్లా పని చూడండి. అయితే స్నో వైట్‌లో రాకుమారిని వదిలి మరుగుజ్జులనే చూడాలి. రాకుమారి కదలికలకు మార్జరీ బెల్చర్ అనే నర్తకిని ఫిల్మ్ తీసి ఆధారంగా పెట్టుకున్నారు. ఆమెను కాపీ చేస్తే ఫొటోను కాపీ చేసినట్టే ఉంటుంది. మరుగుజ్జుల్లో సాగడం, నొక్కుకోవడం విడివిడిగా కనిపిస్తాయి.

ఇక రెండో కాలం. 1959లో వచ్చిన స్లీపింగ్ బ్యూటీకి సుమారు 60 లక్షల డాలర్లు ఖర్చయింది. మొదటి విడుదలలో అది తిరిగి రాలేదు. చేత్తో ఇంకింగ్ చేయించే స్తోమత స్టూడియోకు ఇక లేదు. మిక్కీని వాల్ట్‌తో కలిసి సృష్టించిన అబ్ ఐవర్క్స్, జిరాక్స్ యంత్రాన్ని సెల్‌కు పనికొచ్చేలా మలిచాడు. పెన్సిల్ బొమ్మ నేరుగా సెల్ మీదికి ఎక్కుతుంది, మధ్యలో మరో చెయ్యి ఉండదు. ఒంటినిండా మచ్చలున్న కుక్కలు గుంపులుగా పరుగెత్తే సినిమాను అంతకుముందు ఊహించడమే కష్టం. ఆ డాల్మేషియన్స్ సినిమాలో ప్రతినాయిక క్రుయెల్లాను మార్క్ డేవిస్ గీశాడు. అతని పెన్సిల్ చురుకే మనకు తెర మీద కనిపిస్తుంది.

వాల్ట్ డిస్నీకి ఆ రూపం నచ్చలేదు, గీత గరుగ్గా ఉందన్నది ఆయన ఫిర్యాదు. మామూలు ప్రేక్షకుడిగా చూస్తే ఆయన మాట తప్పు కాదు. రంగు సిరాలు పోయి అంతా నల్లగీతే అయింది, మెత్తని ముఖాల మీద అది గుచ్చుకున్నట్టే ఉంటుంది. రెస్క్యూయర్స్ నాటికి బూడిదరంగు గీత వచ్చి కొంత నెమ్మదించింది. కానీ విద్యార్థికి ఆ గరుకే పాఠం. ద స్వోర్డ్ ఇన్ ద స్టోన్‌లో భుజాలు, చేతులు, బట్టల మడతల దగ్గర తుడవకుండా వదిలేసిన నిర్మాణ గీతలు కనిపిస్తాయి. బొమ్మ లోపల గుండ్రాలు ఎలా అమర్చాడో, ఏ గీతను రెండోసారి వేశాడో చదువుకోవచ్చు. సహాయకుడు బొమ్మను శుభ్రం చేసే పని, అంటే క్లీనప్, అప్పుడూ ఉంది. కాకపోతే బొమ్మను మొదటినుంచి తిరిగి గీయడం తగ్గి, చాలాచోట్ల అసలు కాగితం మీదే సరిదిద్దడంతో సరిపెట్టారు. ముఖ్యమైన తేడా అదే.

ఇక్కడ రెండు గోతులున్నాయి. ఒకటి, పాత యానిమేషన్‌ను తిరిగి వాడుకోవడం. 1973 నాటి రాబిన్ హుడ్‌లో అడవి నృత్యం స్నో వైట్, జంగిల్ బుక్, అరిస్టోక్యాట్స్ కదలికల మీద కొత్త పాత్రలను గీసినది. ఆ ఘట్టం వదిలేసి మూలానికే వెళ్లండి. రెండోది ఇంకా పెద్దది: ఏ ప్రింటు చూస్తున్నారన్నది. 2013లో వచ్చిన స్వోర్డ్ ఇన్ ద స్టోన్ బ్లూరేలో ఫిల్మ్ మీద సహజంగా కనిపించే నలుసును (గ్రెయిన్) తుడిచే ప్రయత్నంలో పెన్సిల్ గీతలు కూడా చెరిగిపోయాయి. అంత మంచి గీతను శుభ్రం పేరుతో పోగొట్టడం చూస్తే బాధేస్తుంది. అలాంటి ప్రింట్లకన్నా మసకగా ఉన్న పాత డీవీడీయే నయం.

డీవీడీకీ ఒక తిరకాసు ఉంది. అమెరికా డిస్కులో సెకనుకు 24 ఫ్రేములను 30కి సాగదీస్తారు. ప్రతి ఐదు ఫ్రేముల్లో రెండు, రెండు బొమ్మలు అడ్డగీతలుగా కలిసిపోయినట్టు కనిపిస్తాయి. వాటిని కొత్త బొమ్మలనుకుని లెక్కపెడితే ఏ బొమ్మ ఎన్ని ఫ్రేములు నిలిచిందో రాసుకునే మీ టైమింగ్ చార్టు మొత్తం తప్పుతుంది. ఐరోపా, మన దేశం వాడిన పాల్ (PAL) టీవీ పద్ధతి డిస్కులో బొమ్మ చెడదు గానీ సినిమా 4 శాతం వేగంగా నడుస్తుంది. లెక్కకు ఫ్రేములే తీసుకోండి, సెకన్లు వద్దు.

మూడో కాలానికి వద్దాం. లిటిల్ మెర్‌మెయిడ్ ప్రధానంగా చేత్తో రంగు వేసిన సెల్స్ మీదే తయారైంది. మరుసటి ఏడు ద రెస్క్యూయర్స్ డౌన్ అండర్ నుంచి పిక్సార్‌తో కలిసి తయారుచేసిన క్యాప్స్ వ్యవస్థ వచ్చింది. బొమ్మను స్కాన్ చేసి కంప్యూటర్‌లో రంగు నింపడం, గీతకు మళ్లీ రంగు ఇవ్వడం, ఎన్ని పొరలైనా పెట్టి కెమెరాను కదపడం సాధ్యమయ్యాయి. లేఅవుట్ (దృశ్యంలో ఏది ఎక్కడ ఉండాలన్న అమరిక), రంగుల అమరిక నేర్చుకునేవాళ్లకు ఇదే సరైన బడి. బ్యూటీ అండ్ ద బీస్ట్ నృత్యశాలలో కెమెరా తిరిగే తీరు చూస్తే చాలు. గీత విషయంలో మాత్రం మళ్లీ మొదటికొచ్చాం. బీస్ట్‌ను గీసిన గ్లెన్ కీన్ పెన్సిల్ బొమ్మలు బొగ్గు రాసినంత ఉధృతంగా ఉంటాయి. తెర మీది బీస్ట్ గీత మాత్రం క్లీనప్ విభాగానిది. కీన్‌ను చదవాలంటే సినిమా చాలదు, క్లీనప్‌కు ముందు బొమ్మలనే కదిలించి చూసుకునే ఆయన పెన్సిల్ టెస్టులు వెతికి చూడాలి.

మిగతావి: 1940ల చివరి చిన్న కథల సంకలనాలు తీరిక ఉంటే చూడండి. 1950ల సినిమాలు మొదటి కాలానికి మెరుగైన కొనసాగింపు, గీత సంగతి మాత్రం అదే. 2019 లయన్ కింగ్ తెలుగులో నాని, జగపతిబాబు గొంతులతో వినసొంపుగా ఉంటుంది, కానీ అందులో గీత లేదు కాబట్టి ఈ లెక్కలోకి రాదు.

కాబట్టి గీత కోసం వచ్చినవాళ్లు 1961–77తో మొదలుపెట్టండి. నటన కొంత చేతికొచ్చాక వెనక్కి 1940కి, కెమెరా కోసం ముందుకు 1991కి వెళ్లండి.

పని ఎలా చేయాలంటే: నాలుగు సెకన్ల షాటు ఒకటి తీసుకోండి, 96 ఫ్రేములు. వీఎల్‌సీ వీడియో ప్లేయర్‌లో ఇంగ్లిష్ E అక్షరం నొక్కితే ఒక్కో ఫ్రేము ముందుకు జరుగుతుంది. ఒక బొమ్మ రెండు ఫ్రేములు నిలిస్తే టూస్, ప్రతి ఫ్రేముకీ మారితే వన్స్. అంతా టూస్ అయితే 48 బొమ్మలు. కెమెరా పక్కకు జరిగే షాటులో నడిచే పాత్ర వన్స్ మీద ఉంటుంది, లేకపోతే నేపథ్యానికీ కాళ్లకూ పొత్తు కుదరక బొమ్మ వణుకుతుంది. అందుకే మొదటి షాటుకు కెమెరా కదలనిది ఎంచుకోండి. ఫ్రేము నంబర్లు ఒక వరుసలో రాసి, భంగిమ నిలిచే చోట కీ అని, రెండు కీల మధ్య దారి మలుపు తిరిగే చోట బ్రేక్‌డౌన్ అని గుర్తు పెట్టండి. మిగతావి ఇన్‌బిట్వీన్లు. కీలను మాత్రమే గీయండి. ట్రేసింగ్ వద్దు, చూసి గీయాలి. తర్వాత మీ గీతనూ అసలునూ పక్కపక్కన పెట్టి తల వంపు, భుజాల వాలు, నడుము తిరుగుడు ఈ వరుసలో పోల్చండి. చాలామందికి తల సరిపోతుంది, భుజాలు తప్పుతాయి.

మొదటి షాటుగా రెస్క్యూయర్స్‌లో ప్రతినాయిక మెడూసా అద్దం ముందు కూర్చుని పెట్టుడు కనురెప్ప వెంట్రుకలు పీకుతూ పెన్నీ అనే చిన్నపిల్లతో మాట్లాడే ఘట్టం తీసుకోండి. మిల్ట్ కాల్ డిస్నీలో చివరిగా గీసిన పాత్ర ఆమె. రెప్ప అంటుకుని చర్మం సాగే ఆ కొద్ది ఫ్రేములను మాత్రం, కీలతో ఆగకుండా, ఒక్కొక్కటిగా గీయండి.