ఏడో పుస్తకం కొంటున్నారా, 33వ అధ్యాయం ఉందో లేదో ముందు చూసుకోండి

మొన్న వేసవి సెలవులకి మా ఇంటికొచ్చిన అక్క కొడుకు హ్యారీ పోటర్ ఏడో పుస్తకం పూర్తి చేసి, మొహం చిన్నబుచ్చుకుని నా దగ్గరికొచ్చాడు. "పిన్నీ, స్నేప్ చచ్చిపోగానే హ్యారీ తనూ చచ్చిపోవాలని అడవిలోకి ఎందుకు వెళ్ళాడు? చావాలని వాడికి ఎవరు చెప్పారు?" అన్నాడు. చివర్లో ఆత్రంగా పేజీలు తిప్పేసి ఉంటాడు అనుకున్నాను. కాదు పిన్నీ, ప్రతి లైనూ చదివాను అంటాడు. పుస్తకం తీసుకురమ్మని చూస్తే నాకు కడుపు తరుక్కుపోయింది. 32 పేజీల ఫారం (కలిపి కుట్టే పేజీల కట్ట) ఒకటి రెండుసార్లు పెట్టి అతికించారు, దాని తర్వాత రావాల్సిన 32 పేజీలు అసలు లేవు. హ్యారీ టీచరు స్నేప్ నేలమీద రక్తం మడుగులో ఉంటాడు, పేజీ తిప్పితే జరిగిన యుద్ధమే మళ్ళీ జరుగుతుంది, అది దాటితే హ్యారీ మాయం చేసే దుప్పటి కప్పుకుని నడిచిపోతుంటాడు. మధ్యలో 33వ అధ్యాయం మొత్తం ఎగిరిపోయింది.

వాళ్ళ నాన్న ఆన్‌లైన్‌లో ఎవరో అమ్మకందారు దగ్గర 249 రూపాయలకి వస్తోందని కొన్న కాపీ అది. దొంగ ప్రింటు. ఆ ఒక్క అధ్యాయం కోసం మేము రెండేళ్ళు ఎదురుచూశాం కాబట్టి ఈ రివ్యూ రాయకుండా ఉండలేకపోతున్నాను. కథ మొత్తం మాట్లాడతాను. ఇంకా చదవనివాళ్ళు ఇక్కడితో ఆపేసి, మంచి కాపీ కొనుక్కుని చదివాక రండి.

ఆరో పుస్తకం 2005 జులై 16న వచ్చింది. దాని చివర స్నేప్ వాళ్ళ మంత్రాల బడి హెడ్మాస్టరు డంబుల్‌డోర్‌ని చంపేస్తాడు. అక్కడ ఆపేసింది రచయిత్రి రౌలింగ్. ఏడోది 2007 జులై 21న వచ్చింది. ఆ రెండేళ్ళూ నేను హైదరాబాద్‌లో డిగ్రీ, అమీర్‌పేటలో హాస్టల్. మా తమ్ముడు తెనాలిలో ఇంటర్. ఆదివారం ఆదివారం ఫోన్ చేస్తే "అన్నం తిన్నావా" తర్వాత వాడి రెండో మాట "అక్కా, స్నేప్ మంచివాడే అంటావా?" నేను మంచివాడే అనేదాన్ని. వాడు ద్రోహి అనేవాడు. ఫోన్ బిల్లు అమ్మ చూసి తిట్టేది. అయినా ఆగలేదు.

అప్పట్లో నెట్ సెంటర్‌లో గంటకి డబ్బులు కట్టి కూర్చుని ఊహాగానాలు చదివేదాన్ని. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు పులకరించేది ఆర్.ఏ.బి. సంగతి. కథలో విలన్ వోల్డెమార్ట్ తన ప్రాణంలో ఒక ముక్క దాచిన లాకెట్ అనుకుని ఆరో పుస్తకం చివర హ్యారీవాళ్ళు తెచ్చుకునే నకిలీ లాకెట్‌లో ఒక చీటీ ఉంటుంది, కింద ఆర్.ఏ.బి. అని సంతకం. ఎవరది? రెగ్యులస్ బ్లాక్, అంటే హ్యారీ గాడ్‌ఫాదర్ సిరియస్ తమ్ముడు అయి ఉంటాడని చాలామంది అన్నారు. రుజువు ఎక్కడ దొరికిందో తెలుసా, అనువాదాల్లో. బ్లాక్ అన్న ఇంటిపేరుని డచ్‌లో జ్వార్ట్స్ అని మార్చారు, ఆ భాషలో వచ్చిన ఆరో పుస్తకంలో చీటీ మీద ఆర్.ఏ.జెడ్. అని ఉంది. నార్వే భాషలో ఆ ఇంటిపేరు స్వార్ట్ కాబట్టి అక్కడ ఆర్.ఏ.ఎస్. అని వచ్చింది. ఇక అనుమానమే లేదు. మరి అసలు లాకెట్ ఏమైంది? 2003లో వచ్చిన అయిదో పుస్తకంలో సిరియస్ ఇల్లు దులుపుతున్నప్పుడు, బీరువాలోంచి తీసి పారేసే సామాన్ల మధ్య, ఎవరూ తెరవలేకపోయిన ఒక బరువైన లాకెట్ ఉందని ఒకే ఒక్క ముక్క రాసి వదిలేసింది. మేమందరం ఆ వాక్యం మీదుగా చదువుకుంటూ వెళ్ళిపోయినవాళ్ళమే. మళ్ళీ వెనక్కి వెళ్ళి అది కళ్ళారా చూసిన రోజు హాస్టల్‌లో నిద్రపోలేదు నేను. ఏడో పుస్తకంలో ఆ లాకెట్టే వచ్చింది. పాఠకుల్ని ఇంత నమ్మి, ఇంత ముందునుంచీ దారం వదులుకుంటూ వచ్చిన రచయిత్రి మీద గౌరవం పెరగకుండా ఎలా ఉంటుంది?

2006లో ఒక టీవీ ఇంటర్వ్యూలో ఆవిడ, చివరి పుస్తకంలో ఒక పాత్రని చావునుంచి తప్పించానని, ముందు అనుకోని ఇద్దరు చనిపోతారని చెప్పింది. ఇంక మాకు టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించుకోండి. హ్యారీ స్నేహితులు రాన్ పోతాడా, హాగ్రిడ్ పోతాడా అని లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాం.

విడుదల రోజు శనివారం. లండన్‌లో అర్ధరాత్రి దాటి ఒక నిమిషం అంటే మనకి తెల్లవారుజామున నాలుగున్నర. మన దేశంలో 975 రూపాయల ధర, నా నెల ఖర్చులో పెద్ద ముక్క. ముందే ఒక షాపులో 200 అడ్వాన్స్ కట్టి రసీదు తీసుకున్నాను. పొద్దున్నే నేనూ మా రూమ్మేటూ వెళ్ళి లైన్లో నిలబడ్డాం, నా వంతు వచ్చేసరికి జాబితాలో నీ పేరు లేదమ్మా, కాపీలు అయిపోయాయి, సోమవారం రా అన్నారు. రసీదు చూపించినా అదే మాట. ఏడుపొచ్చింది. అంతకుముందే ఎవరో పుస్తకం పేజీ పేజీకీ ఫోటోలు తీసి నెట్‌లో పెట్టేశారు, టీవీలో ఎవరు చచ్చిపోయారో చెప్పేస్తారేమో, పేపర్లో వేసేస్తారేమో అని రెండు రోజులు మెస్‌లోకి కూడా వెళ్ళలేదు, అక్కడ టీవీ ఉంటుంది కదా. రూమ్మేట్ ప్లేట్లో అన్నం రూముకే తెచ్చిచ్చింది. సోమవారం సాయంత్రం చేతికొచ్చింది.

ఆ రెండు రోజుల్లో ప్రపంచం అంతా చదివేసింది. అమెరికా, బ్రిటన్‌లలోనే మొదటి 24 గంటల్లో సుమారు కోటీ పది లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. నాకు అవేవీ పట్టలేదు. తెరవగానే అంకితం ఉంటుంది, మెరుపు మచ్చలా వంకరగా అచ్చువేసిన చిన్న చిన్న లైన్లు. ఏడుగురికి పంచింది ఆవిడ ఆ అంకితాన్ని. ఆరుగురు ఆవిడ మనుషులు. ఏడోది మనం, చివరిదాకా హ్యారీతో ఉన్న పాఠకులం. ఆ పేజీ దగ్గరే చాలాసేపు ఆగిపోయాను.

ఇక పుస్తకం గురించి. మొదట్లోనే హ్యారీ గుడ్లగూబ హెడ్విగ్‌ని, కాపలాగా వచ్చిన మూడీని తీసేస్తుంది, అక్కడే అర్థమైపోతుంది ఈసారి ఎవరికీ భరోసా లేదని. ఆ తర్వాత టెంట్ వేసుకుని అడవులు పట్టుకు తిరగడం. చాలామంది ఇక్కడ బోర్ అన్నారు. నిజమే, నెమ్మదిగా నడుస్తుంది, ఓ నలభై పేజీలు తగ్గించినా నష్టం లేదు. కానీ ఆకలి, చలి, ఎటు పోవాలో తెలియకపోవడం, లాకెట్ మెడలో వేసుకున్నవాడికి మనసు విరిగిపోవడం, రాన్ అలిగి వెళ్ళిపోవడం, ఇవన్నీ తొందరగా జరిగితే నమ్మలేం. రాన్ లేని ఆ అధ్యాయాల్లో నాకూ ఒంటరిగానే అనిపించింది. క్రిస్మస్ ముందురోజు రాత్రి మంచులో హ్యారీ తన అమ్మానాన్నల సమాధి దగ్గర నిలబడే చోటు మొత్తం ఏడు పుస్తకాల్లోనూ నాకు ఇష్టమైన పేజీల్లో ఒకటి.

హ్యారీని కాపాడి ప్రాణం పోగొట్టుకున్న చిన్న ఎల్ఫ్, డాబీ సంగతి చెప్పాలి. చనిపోయాక హ్యారీ మంత్రంతో గొయ్యి తీయడు. పార తీసుకుని తన చేతులతో తవ్వుతాడు. చెమటలు కక్కుతూ, చేతులు బొబ్బలెక్కుతూ. చిన్న ఒంటికి జాకెట్ చుట్టి, సాక్సులు తొడిగి పడుకోబెడతారు. వోల్డెమార్ట్ ప్రాణం ముక్కల వెనక పరిగెట్టాలా, హాలోస్ (ఎల్డర్ వాండ్ అనే మంత్రదండం, ఒక రాయి, మాయం చేసే దుప్పటి, ఈ మూడు మాయ వస్తువులు) వెనక పరిగెట్టాలా అన్నది అతను ఆ గొయ్యి తవ్వుతూనే తేల్చుకుంటాడు. చావు ఇంట్లో మగవాళ్ళు పని పెట్టుకుని ఏడుపు ఆపుకోవడం నేను చూశాను, అచ్చం అలాగే ఉంటుంది.

వోల్డెమార్ట్ తన ప్రాణం ముక్కలు చేసి దాచుకోవడం గురించి అమ్మమ్మకి చెప్తే, "మాయల ఫకీరు ప్రాణం చిలకలో ఉన్నట్టే కదే" అంది. ఒక్క ముక్కలో తేల్చేసింది. మర్రిచెట్టు తొర్రలో చిలక, దాని మెడ విరిస్తే ఫకీరు పని అయిపోతుంది, మనం చిన్నప్పటినుంచీ విన్నదే. ఇక్కడ డైరీ, ఉంగరం, లాకెట్, కప్పు, కిరీటం, పాము, ఇలా చాలా చిలకలు. కానీ అమ్మమ్మ కథలో లేనిది 33వ అధ్యాయంలో ఉంది. చివరి చిలక హ్యారీయే. వోల్డెమార్ట్‌కే తెలియకుండా వాడి ప్రాణంలో ఒక ముక్క ఈ పిల్లాడిలో ఉండిపోయింది, వోల్డెమార్ట్‌ని చంపాలంటే ముందు హ్యారీ చావాలి. ఈ మాట చెప్పి నేను ఆగితే అమ్మమ్మ వత్తి చేస్తున్న చెయ్యి ఆపి "అయ్యో, మరి పిల్లాడు?" అంది.

ఆ సంగతి హ్యారీకి తెలిసేది స్నేప్ జ్ఞాపకాల్లో. ఆరు పుస్తకాల నుంచి మనం అసహ్యించుకున్న మనిషి, చనిపోతూ ఇచ్చిన జ్ఞాపకాలు. హ్యారీ అమ్మ లిలీని చిన్నప్పటినుంచీ ప్రేమించి, తన తప్పు వల్లే ఆమెని పోగొట్టుకుని, ఆ తర్వాత బతుకంతా ఎవరికీ చెప్పకుండా ఆమె కొడుకుని కాపాడుతూ వచ్చిన మనిషి. అడవిలో హ్యారీకి దారి చూపిన వెండి లేడిని ఎవరు పంపారో, డంబుల్‌డోర్‌ని ఎందుకు చంపాల్సొచ్చిందో అన్నీ ఇక్కడే. ఇన్నేళ్ళయినా ఇంకానా అని డంబుల్‌డోర్ అడిగితే స్నేప్ ఒక్క మాట అంటాడు. దాని దగ్గర పుస్తకం మూసి గుండెలకి ఆనించుకుని కూర్చున్నాను. ఫోన్‌లో తమ్ముడు "అది ఒక్కటి చెప్పు అక్కా, మంచివాడా చెడ్డవాడా" అని బతిమాలినా చెప్పలేదు. శుక్రవారం రాత్రి రైలెక్కి పుస్తకం తెనాలి పట్టుకెళ్ళాను. వాడు రెండు రోజుల్లో చదివేసి, ఆదివారం సాయంత్రం డాబా మీదకి వెళ్ళి చీకటి పడేదాకా కిందికి రాలేదు. వచ్చి "నువ్వే కరెక్ట్ అక్కా" అన్నాడు. ఇంకేం మాట్లాడలేదు.

నచ్చనివీ ఉన్నాయి. ఎల్డర్ వాండ్ ఎవరికి దక్కింది, ఎవరి చేతిలోంచి ఎవరు లాక్కున్నారు అనే లెక్క చివరి పోరాటం మధ్యలో హ్యారీ వోల్డెమార్ట్ చుట్టూ తిరుగుతూ వివరించడం నాకు మింగుడుపడలేదు. అంత ఉద్వేగంలో పాఠం చెప్తున్నట్టు ఉంటుంది. హాలోస్ అన్న మాటే ఏడో పుస్తకం దాకా వినిపించకపోవడం కూడా లోటే, దుప్పటి మొదటి పుస్తకం నుంచీ ఉన్నా సరే. ఇక పంతొమ్మిదేళ్ళ తర్వాత అని పెట్టిన చివరి భాగం. పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు, రైలెక్కించారు. బాగానే ఉంది. కానీ రాన్ అన్న ఫ్రెడ్ పోయాక జార్జ్ ఎలా బతికాడు? కవలల్లో ఒకడు లేకుండా వాళ్ళిద్దరి జోకుల సామాన్ల షాపు తలుపు మొదటిసారి ఎలా తెరిచాడు? అది రాయకుండా పిల్లల పేర్లు చెప్పి ముగించడం అప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. అయినా ఐదుకి నాలుగున్నర ఇస్తాను. హ్యారీ క్లాస్‌మేట్ నెవిల్ కత్తి దూసి వోల్డెమార్ట్ పాముని నరికే చోట నేను హాస్టల్ రూములో లేచి నిలబడ్డాను, దానికే నాలుగు.

కొనేవాళ్ళకి నా మాట. 2007 నాటి బ్లూమ్స్‌బరీ గట్టి అట్ట కాపీ 607 పేజీలు, నాది ఇప్పటికి పదకొండుసార్లు చదివారు ఇంట్లో, వీపు దగ్గర కాస్త వదులైందే తప్ప ఒక్క కాగితం ఊడలేదు. పాత పుస్తకాల వాళ్ళ దగ్గర దొరికితే వదలకండి. కొత్త పేపర్‌బ్యాక్ అయినా పర్వాలేదు, అసలుది అయితే చాలు. దొంగ ప్రింటు చేతిలోకి తీసుకుంటేనే తెలుస్తుంది, కాగితం న్యూస్‌పేపరు కాగితంలా బూడిదరంగులో ఉంటుంది, అక్షరాలు అలుక్కుపోయి ఉంటాయి, అట్టమీద బొమ్మ మసకగా ఉంటుంది, మధ్యకి తెరిస్తే జిగురు పెళపెళమంటుంది. అసలు ధరలో సగం కంటే తక్కువకి వస్తోందంటే అనుమానించండి. చేతికి రాగానే 36 అధ్యాయాలు, ఆ పైన చివరి భాగం ఉన్నాయో లేదో, పేజీ నంబర్లు వరసగా ఉన్నాయో లేదో చూడండి. పది నిమిషాల పని. మొదటి పుస్తకం "పరుసవేది" పేరుతో తెలుగులోకి వచ్చింది, ఈ ఏడోది కూడా మంచి తెలుగులో, పూర్తి పేజీలతో పిల్లల చేతుల్లో పెట్టాలని నాకు చాలా కోరిక.

అక్క కొడుక్కి నా పాత కాపీ తీసి, 33వ అధ్యాయం దగ్గర తెరిచి ఇచ్చాను. కిటికీ దగ్గర నేలమీద కూర్చుని చదివాడు. నేను వంటింట్లో కూర తరుగుతూ మధ్యమధ్య తొంగి చూస్తూనే ఉన్నాను. ఒకచోట వెనక్కి తిప్పాడు, మళ్ళీ ముందుకొచ్చాడు. అయిపోయాక చాలాసేపు కదల్లేదు. తర్వాత వంటింటి గుమ్మం దగ్గరికొచ్చి నిలబడి, "పిన్నీ, మొదటి పుస్తకం ఎక్కడుంది?" అన్నాడు.